పోర్టు పోయిందనే ముందు

పోయిన నెల మన సంఘం ల్యాప్‌టాప్‌కి వచ్చిన కష్టం కమిటీ వాళ్లకు తెలుసు. ఉన్న రెండు యూఎస్‌బీ పోర్టులూ ఒకే రోజు పనిచేయడం మానేశాయి. పెన్‌డ్రైవ్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. మన పాత మినిట్స్ పుస్తకాల స్కాన్లు, ఫోటోలు అన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. హాల్లో ఇంటర్నెట్ సంగతి మీకు తెలిసిందే. చూపించిన షాపులో "మదర్‌బోర్డు పోయింది, మార్చాలి, వదిలేసి వెళ్లండి" అన్నారు. నేను వదల్లేదు. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1990ల నాటి కంప్యూటర్ వెనకవైపు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కీబోర్డుకి ఒక సాకెట్, మౌస్‌కి ఇంకొకటి, ప్రింటర్‌కి 25 పిన్నుల వెడల్పాటి పోర్టు, మోడెమ్‌కి సీరియల్ పోర్టు. కొన్నిటికి స్క్రూలు బిగించాలి. కొత్తది తగిలిస్తే చాలాసార్లు కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయాలి. ఒక సుఖం మాత్రం ఉండేది. దేని దారి దానిదే కాబట్టి, ప్రింటర్ పోర్టు పోతే ప్రింటర్ ఒక్కటే ఆగేది.

ఈ గోలంతా ఒక్క పోర్టుతో తీర్చాలని పట్టుబట్టినవారిలో ముఖ్యుడు ఇంటెల్ ఇంజనీరు అజయ్ భట్. బరోడాలో పుట్టి, అక్కడి మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో చదివి అమెరికా వెళ్లారు. ఒక్క కంపెనీ ఒప్పుకుంటే జరిగే పని కాదిది. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐబీఎం, కాంపాక్, డీఈసీ, ఎన్ఈసీ, నార్టెల్ కలిసి 1994లో పని మొదలుపెట్టాయి. 1996 జనవరిలో యూఎస్‌బీ 1.0 వచ్చింది. 2013లో భట్ బృందానికి యూరోపియన్ ఇన్వెంటర్ అవార్డు దక్కింది.

వాళ్లు వేసిన ఏర్పాటు మన ఉమ్మడి కుటుంబం లాంటిది. లోపల కంట్రోలర్ అనే పెద్ద ఒకరు ఉంటారు. ఆయన కింద 127 పరికరాల దాకా ఉండొచ్చు. ఆయన అడిగితేనే ఎవరైనా బదులు చెప్పాలి. కరెంటు ఇచ్చేదీ ఆ ఇంటి నుంచే: యూఎస్‌బీ 2.0 పోర్టుకి 500 మిల్లీ ఆంపియర్లు, 2008లో వచ్చిన 3.0కి 900. అంతకు మించి లాగితే బోర్డు కాలిపోకుండా సరఫరా ఆపేసే రక్షణ ఉంటుంది. బ్యాటరీ మిగలడానికి పనిలేని పోర్టుని విండోస్ నిద్రపుచ్చుతుంది కూడా.

కాబట్టి పోర్టులన్నీ ఒకేసారి ఆగితే, అన్ని సాకెట్లూ ఒకే రోజు పాడై ఉంటాయని అనుకోవడం కష్టం. ముందు పెద్దాయనకు ఏమైందో చూడాలి. 1998 ఏప్రిల్‌లో షికాగోలో బిల్ గేట్స్ సమక్షంలో విండోస్ 98 ప్రదర్శిస్తూ యూఎస్‌బీ స్కానర్ తగిలించారు. వెంటనే తెర నీలంగా మారి సిస్టమ్ కూలిపోయింది. అప్పుడు కూడా తప్పు సాకెట్‌ది కాదు.

షాపులో కూర్చునే నేను ఒక పరీక్ష చేశాను. ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లాను (కొన్ని కంపెనీలకు వేరే కీ ఉంటుంది). అక్కడ విండోస్ ఇంకా లేవదు. యూఎస్‌బీ కీబోర్డు తగిలించి బాణం కీలు నొక్కితే గీత కదిలింది! అంటే బోర్డు బతికే ఉంది. డివైస్ మేనేజర్‌లో యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ కింద హోస్ట్ కంట్రోలర్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే, విండోస్ దాన్ని మళ్లీ తనే పెట్టుకుంది. తర్వాత రూట్ హబ్ పవర్ మేనేజ్‌మెంట్‌లో నిద్రపుచ్చే టిక్ తీసేశాను. రెండు పోర్టులూ లేచాయి.

మీకు ఇలా అయితే వరస ఇది. ముందు అదే పెన్‌డ్రైవ్ వేరే కంప్యూటర్‌లో చూడండి. తర్వాత తగిలించినవన్నీ తీసి రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చాలదు, ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ పాత స్థితినే కొంత దాచుకుంటుంది. ఒక్క పోర్టే ఆగితే ల్యాప్‌టాప్ ఆపి టార్చి వేసి చూడండి. మన ఊరి ఉప్పుగాలికి తుప్పు, దానికి తోడు దుమ్ము చేరతాయి. పొడి బ్రష్ వాడండి, గుండుసూది వద్దు. ఒక పక్క పోర్టులే పోతే, చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ పక్కకి వేరే చిన్న బోర్డు, రిబ్బన్ కేబుల్ ఉంటాయి. రిచీ స్ట్రీట్‌కి తీసుకెళ్తే మదర్‌బోర్డు మాట ఎత్తేముందు అవి చూడమని అడగండి. బయోస్‌లో కూడా కదలిక లేకపోతే అప్పుడు రిపేరు మాట నిజమే కావచ్చు.

ఆ సాయంత్రమే మినిట్స్ పుస్తకాలన్నీ రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించాం. ఒకటి కార్యదర్శి గారి ఇంట్లో, ఒకటి కోశాధికారి గారి ఇంట్లో ఉన్నాయి. పోర్టుని బాగుచేసుకోవచ్చు. మన పెద్దల చేతిరాత పోతే మళ్లీ రాయించుకోలేం. మీ ఇళ్లలో ఉన్న ఫోటోలకు ఇంకో కాపీ ఉందో లేదో ఈ ఆదివారం ఒక్కసారి చూసుకోండి.