తెర మీది ట్రైసెరాటాప్స్, రాతిలోని ట్రైసెరాటాప్స్

1887లో అమెరికాలోని డెన్వర్ దగ్గర ఒక జత పెద్ద కొమ్ములు దొరికాయి. వాటిని యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఒత్నియల్ చార్ల్స్ మార్ష్‌కు పంపించారు. అప్పటికే ఎన్నో డైనోసార్లకు పేర్లు పెట్టిన మనిషి ఆయన. అయినా ఈ కొమ్ములు ఏదో అంతరించిపోయిన అడవిదున్నవి అనుకుని దానికి బైసన్ ఆల్టికార్నిస్ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది వ్యోమింగ్‌లో జాన్ బెల్ హాచర్ ఒక పుర్రెను సేకరించి పంపాక గానీ అసలు సంగతి తేలలేదు. 1889లో మార్ష్ దానికి ట్రైసెరాటాప్స్ అని పేరు పెట్టారు. సినిమావాళ్ళు ఈ జంతువును తప్పుగా చూపించారని మనం చాలాసార్లు అంటుంటాం. మొదటి తప్పు మాత్రం శాస్త్రవేత్తదే.

రెండో తప్పు కూడా శాస్త్రం ఇంట్లోనే జరిగింది. 1905లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ట్రైసెరాటాప్స్ అస్థిపంజరాన్ని ప్రపంచంలోనే మొదటిసారి నిలబెట్టారు. అది ఒకే జంతువుది కాదు. చాలా జంతువుల ఎముకలు కలిపి కూర్చారు. పుర్రెకూ ఒంటికీ కొలత కుదరలేదు. వెనక పాదాలైతే బాతుమూతి డైనోసార్‌వి. దాదాపు శతాబ్దం పాటు జనం ఆ అస్థిపంజరాన్నే చూశారు. ఎముకలను స్కాన్ చేసి, సరైన కొలతలతో మళ్ళీ నిలబెట్టింది 2001లో. చార్ల్స్ నైట్ వంటి చిత్రకారులు ఆనాటి శాస్త్రం చెప్పినదాన్నే రంగుల్లోకి తెచ్చారు, సినిమా ఆ బొమ్మలనే కదిలించింది.

బొమ్మలను ఫ్రేము ఫ్రేముకు కాస్త కాస్త జరుపుతూ అలా కదిలించినవాడు విల్లిస్ ఒబ్రయన్. 1918 నాటి 'ద ఘోస్ట్ ఆఫ్ స్లంబర్ మౌంటెన్' అనే చిన్న మూకీ చిత్రంలో రెండు ట్రైసెరాటాప్స్‌లు కొమ్ములు కలిపి పోట్లాడుకుంటాయి. ఆ దృశ్యం దగ్గరికి మళ్ళీ వస్తాను. 1925 నాటి 'ద లాస్ట్ వరల్డ్' కోసం ఒబ్రయన్‌కు బొమ్మలు చేసిచ్చినవాడు మార్సెల్ డెల్గాడో. కీళ్ళున్న లోహపు అస్థిపంజరం, దాని మీద స్పాంజి కండలు, పైన రబ్బరు తోలు. లోపల గాలితిత్తి ఒకటి పెట్టి, ఫ్రేముకు ఇంత చొప్పున గాలి నింపుతూ తీస్తూ డొక్కలు ఎగసిపడేట్టు చేశారు. అంగుళాల ఎత్తు బొమ్మ తెర మీద ఊపిరి పీల్చింది! ఈ సినిమా కోసం తీసిన ప్రయోగ దృశ్యాలనే 1922లో, మూల నవల రాసిన కానన్ డాయిల్ న్యూయార్క్‌లో ఇంద్రజాలికుల సభలో వివరమేమీ చెప్పకుండా చూపిస్తే, చూసినవాళ్ళు విస్తుపోయారు.

ఆ సినిమాలో ట్రైసెరాటాప్స్‌కు ఎదురు నిలిచింది అల్లోసారస్. 1966లో 'వన్ మిలియన్ ఇయర్స్ బీసీ' తీసినప్పుడు రే హ్యారీహౌసెన్ సెరటోసారస్‌ను తెచ్చి నిలబెట్టాడు. రెండూ సుమారు 15 కోట్ల ఏళ్ళ కిందటి జురాసిక్ కాలపు జంతువులు. ట్రైసెరాటాప్స్ బతికింది 6.8 నుంచి 6.6 కోట్ల ఏళ్ళ కింద. అంటే వాటికీ ట్రైసెరాటాప్స్‌కూ మధ్య దూరం మనకూ ట్రైసెరాటాప్స్‌కూ మధ్య ఉన్నదాని కంటే ఎక్కువ. నిజమైన శత్రువు టైరనోసారస్ రెక్స్ అదే నేల మీద, అదే కాలంలో తిరిగింది. దాని పళ్ళ గాట్లు ట్రైసెరాటాప్స్ కటి ఎముకల మీద దొరికాయి. ఒక పుర్రెలోనైతే దాని కాటుకు కొమ్ము విరిగాక గాయం మానిన ఆనవాలుంది. అంటే కాటు తిని కూడా ఆ జంతువు బతికి బయటపడిందన్నమాట.

1993లో 'జురాసిక్ పార్క్' వచ్చింది. అందులో ట్రైసెరాటాప్స్ పోట్లాడదు, జబ్బుపడి పడుకుని ఉంటుంది. స్టాన్ విన్‌స్టన్ బృందం తయారుచేసిన నిలువెత్తు యంత్రపు బొమ్మను హవాయిలోని కవాయి దీవిలో నేల మీద పడుకోబెట్టి తీశారు. కథానాయకుడు డాక్టర్ గ్రాంట్ దాని డొక్క మీద ఒళ్ళు వాల్చితే ఊపిరితో పాటు అతనూ పైకీ కిందకీ కదులుతాడు. ఇన్నేళ్ళ డైనోసార్ సినిమాల్లో నాకు అన్నిటికన్నా విలువైన దృశ్యం ఇదే. రాక్షసిగా చూపించిన ప్రాణిని మొదటిసారి పశువుగా, వైద్యం అవసరమైన ఒంటిగా చూపించారు.

లోపాలు లేవని కాదు. తోలు ఏనుగు తోలులా ముడతలు పడి ఉంటుంది. హ్యూస్టన్ మ్యూజియంలో ఉన్న 'లేన్' అనే శిలాజం మీద తోలు అచ్చు మిగిలింది. అందులో పెద్ద పెద్ద పలకల్లాంటి పొలుసులు, కొన్నింటి నడుమ పైకి పొడుచుకొచ్చిన మొనలు కనిపిస్తాయి. ఇది సినిమా తీసినవాళ్ళకు అప్పటికి తెలిసే వీల్లేదు. కథలో ఉన్న లోపం వేరు. మైకేల్ క్రైటన్ నవలలో జబ్బుపడింది స్టెగోసారస్. అరుగుదల కోసం అది రాళ్ళు మింగుతూ, వాటితో పాటు విషపు కాయలూ మింగుతుంది. సినిమాలో జంతువును మార్చారు, రాళ్ళ వివరణ వదిలేశారు, జబ్బుకు కారణం తేలకుండానే పోయింది. పోనీ ఆ వివరణ ఉంచినా ట్రైసెరాటాప్స్‌కు నప్పేది కాదు. ఎందుకంటే దాని అసలు గొప్పతనం నోట్లో ఉంది.

చిలక ముక్కులాంటి మూతి వెనక, దవడకు రెండు పక్కలా 36 నుంచి 40 నిలువు దొంతరలు, దొంతరకు 3 నుంచి 5 పళ్ళు. మొత్తం 800 దాకా ఉండేవి. పైది అరిగితే కిందది పైకి వచ్చేది. 2015లో గ్రెగరీ ఎరిక్సన్ బృందం ఈ పళ్ళను కోసి చూసింది. గుర్రాల, దున్నల పళ్ళలో నాలుగు రకాల పదార్థాలుంటే, ఇందులో ఐదున్నాయి. ఒక్కోటి ఒక్కో వేగంతో అరగడం వల్ల పన్ను మధ్య గాడి పడి, అంచు దానంతటదే పదును తేలేది. కొమ్ముల మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతైనా సినిమా ఈ నోటి మీద పెట్టలేదన్నదే నా బాధ.

2018లో వచ్చిన 'జురాసిక్ వరల్డ్: ఫాలెన్ కింగ్‌డమ్' వెనక్కి నడిచింది. అందులో ట్రైసెరాటాప్స్‌కు చైనా చుట్టమైన సైనోసెరాటాప్స్ కూడా కనిపిస్తుంది. ఇలాంటి జంతువుల్లో చాలావాటి పుర్రెలో మెడ మీదికి సాగిన ఎముక ఫలకానికి రెండు కిటికీలుంటాయి, బతికున్నప్పుడు వాటిని తోలు కప్పి ఉంచుతుంది. సినిమాలో ఆ కంతలను తెరిచే ఉంచారు, ఇటు నుంచి అటు వెలుతురు కనిపిస్తుంది. ట్రైసెరాటాప్స్‌కైతే ఆ కిటికీలే లేవు, ఫలకమంతా గట్టి ఎముక.

ఆ ఫలకం మీదే 1918 నాటి దృశ్యానికి సాక్ష్యం దొరికింది. 2009లో ఆండ్రూ ఫార్కీ, మరో ఇద్దరు పరిశోధకులు చాలా పుర్రెల మీది గాయాలను లెక్కగట్టారు. సెంట్రోసారస్ అనే చుట్టంతో పోలిస్తే ట్రైసెరాటాప్స్ ఫలకం పక్క ఎముక మీద గాయాలు చాలా ఎక్కువ. కొమ్ములు కలిపి తోసుకుంటే ఎదుటిదాని మొన తగిలే చోటు అదే. అంటే ఆ కొమ్ములు సాటి జంతువుతో బలం చూసుకోవడానికీ పనికొచ్చేవన్నమాట. ఒబ్రయన్ ముందే చూపించిన సంగతిని తర్వాతి సినిమాలు మాంసాహారి మోజులో పక్కన పెట్టేశాయి.

2022లో వచ్చిన 'ప్రీహిస్టారిక్ ప్లానెట్' సినిమా కాదు, డాక్యుమెంటరీ సిరీస్. అందులో ట్రైసెరాటాప్స్ మంద చీకటి గుహలోకి వెళ్ళి బంకమట్టి తింటుంది, మేసిన మొక్కల్లోని విషానికి విరుగుడుగా. దీనికి శిలాజ సాక్ష్యం లేదు. ఇప్పటి చిలకలు మట్టి తింటాయి, కెన్యాలో ఏనుగులు ఉప్పు కోసం గుహల్లోకి వెళ్తాయి. ఆ అలవాట్లను చూసి చేసిన ఊహ ఇది. 1993లో విషపు కాయల దగ్గర ఆగిపోయిన ప్రశ్నకు, పశువు తన జబ్బును తానే ఎలా చూసుకుంటుందన్న వైపు నుంచి జవాబు వెతికింది ఈ సిరీసే.