ఏజెన్సీ ప్రాంతములందు గిరిజనోపాధ్యాయుల నియామకము, శిక్షణము: చరిత్ర

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోని షెడ్యూల్డు ప్రాంతములందు, అనగా జనవ్యవహారమున ఏజెన్సీ యని పేరుగొన్న కొండకోనలయందు నెలకొన్న పాఠశాలలకు ఆ ప్రాంతపు గిరిజనులనే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్ది నియమింపవలెనను ప్రయత్నమునకు నూరేండ్లకు పైబడిన చరిత్ర గలదు. బడిలో చదువు చెప్పువాడెవడు, చెప్పు భాష యేది యను రెండు ప్రశ్నలు ఈ చరిత్రమంతటను పెనవేసికొని యున్నవి. మొదట ఈ పనికి పూనుకొన్నవారు రెండింటిని ఒక్కటిగనే భావించిరి. తరువాత వెలువడిన ప్రభుత్వాజ్ఞలు మొదటిదానిని గట్టిగా పట్టుకొని రెండవదానిని జారవిడిచినవి.

తెలుగుదేశమున ఈ విషయమై ఆలోచించినవారిలో గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) అగ్రగణ్యులు. నాటి గంజాం జిల్లాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయవృత్తియందుండిన ఆయన, చుట్టుపట్ల కొండలపై నివసించు సవరల భాషను నేర్వదలచి, ఆ భాషయు తెలుగును రెండును ఎరిగిన యొకనిని తమ యింటనే యుంచుకొని, ఏండ్లతరబడి పరిశ్రమించి, లిపిలేని ఆ భాషలో వాచకములు రచించి, సొంత సొమ్ముతో బడులు పెట్టించి, ఉపాధ్యాయుల జీతములను తామే భరించుచు, సవర బాలురకు సవరభాషలోనే విద్య గరపించిరి. సవర ముండా కుటుంబమునకు చెందినది. తెలుగువానికి అరవమెంత దూరమో సవర బాలునికి తెలుగు అంతకంటె దూరము. ఆయన రచించిన సవరభాషా వ్యాకరణము 1931 లో ఆంగ్లమున వెలువడెను. వాడుకభాషకై జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని గూర్చి ఇట్లు గ్రాంథికమున వ్రాయుట కొంత విపరీతముగనే తోచును. అయినను, బిడ్డకు వాని నోటిమాటలోనే చదువు చెప్పవలెనను ఆయన పట్టుదలకు ఆ కొండలలోనే మొలక పుట్టినదేమో యనిపించును.

రెండవ ప్రయత్నము నిజాము రాజ్యమున, రక్తపాతము జరిగిన వెనుక, ఆరంభమైనది. 1940 లో ఆదిలాబాదు జిల్లా జోడేఘాటు కొండలలో కుమురం భీము నాయకత్వమున గోండులు తిరుగబడగా, ప్రభుత్వము సాయుధబలముతో ఆ తిరుగుబాటును అణచివేసెను. అడవి భూములపై హక్కులు పోగొట్టుకొన్న ఆ జనుల స్థితిని పరిశీలించుటకై, వియన్నా నగరమునుండి వచ్చి హైదరాబాదు రాజ్యపు ఆటవిక జాతులను అధ్యయనము చేయుచుండిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫును సర్కారువారు నియోగించిరి. ఆయన భార్యయైన ఎలిజబెత్తుతో కూడ మార్లవాయి యను గోండు గూడెమున నివసించి, 1943 లో అచటనే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము నెలకొల్పెను.

ఈ కేంద్రము నడచిన తీరు ప్రత్యేకముగా గమనింపదగినది. అక్షరములు వచ్చిన గోండులు ఆ దినములలో వ్రేళ్ళపై లెక్కింపదగినంతమంది మాత్రమే. పట్టణములలో పరీక్షలు నెగ్గిన పంతులు అడవిలో నిలుచువాడు కాడు, నిలిచినను గోండీ తెలియనివాడగుటచే పిల్లలయెదుట మూగవాడే యగును. కావున కొద్దిపాటి చదువు గల గోండు యువకులను చేరదీసి, వారికి చదువుట, వ్రాయుట, లెక్కలు, పాఠము చెప్పు పద్ధతి నేర్పి, వారిని గూడెములకు పంతుళ్లుగా పంపిరి. వాచకములు గోండీ భాషలో, నాగరలిపిలో తయారైనవి. ఆదిలాబాదు కొండలలో మరాఠీ వ్యవహారము హెచ్చుగానుండుటయే ఆ లిపిని గ్రహించుటకు కారణము. మాతృభాషలో అక్షరజ్ఞానము కుదిరిన పిమ్మట బాలురు ఇతర భాషలకు మరలుచుండిరి. కాలక్రమమున ఆ కేంద్రమునుండి పంతుళ్లేకాక గ్రామోద్యోగులును తయారైరి. అర్హత గలవానికొరకు ఎదురుచూచుచు కూర్చుండక, ఉన్నవానికి అర్హతను సమకూర్చిన పద్ధతి యిది; నియామకము, శిక్షణము అను మాటలను వేర్వేరు శాఖల దస్త్రములలో వ్రాసికొను నేటి పాలకులకు ఇది వింతగా తోపవచ్చును. ఎలిజబెత్తు 1987 లో మరణింపగా ఆమె సమాధి మార్లవాయిలోనే నిర్మింపబడినది.

హైదరాబాదు రాజ్యము భారతదేశమున చేరినపిమ్మట, 1956 లో ఆదిలాబాదు ఆంధ్రప్రదేశమున భాగమైనపిమ్మట, పాఠశాలలలో తెలుగు ప్రధానమై గోండీ బోధన క్రమముగా క్షీణించెను. రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు గిరిజన ప్రాంతములకు ప్రత్యేక రక్షణ కల్పించినది. ఆశ్రమ పాఠశాలలు వెలసినవి. ఉట్నూరు, భద్రాచలము, పాడేరు, రంపచోడవరము, సీతంపేట మొదలగుచోట్ల సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు ఏర్పడినవి. కాని మైదానమునుండి వచ్చు పంతులు జ్వరభయమునకును దారిలేమికిని వెఱచి బదిలీకై తంటాలుపడుటయు, ఏకోపాధ్యాయ పాఠశాలయందు అతడు రాని దినమున బడియే మూతపడుటయు మాత్రము మారలేదు. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఉపాధ్యాయ పదవులను జిల్లా శ్రేణిలో చేర్చి నూటికి 80 స్థానికులకు కేటాయించినది. అయితే ఆ ఉత్తర్వున స్థానికుడనగా జిల్లావాడు. నాటి విశాఖపట్టణపు జిల్లా మైదానమున పుట్టి పెరిగినవాడు పాడేరు కొండకును స్థానికుడే యగుటచే, గిరిజనునికి ఆ నియమమువలన ఒరిగినది స్వల్పము.

ఈ లోపమును సవరించుటకై ఐదవ షెడ్యూలు 5(1) పేరాయందలి గవర్నరు అధికారమును ఆధారముచేసికొని ప్రభుత్వము 1986 నవంబరు 5 న 275 వ నంబరు ప్రభుత్వోత్తర్వును (జీ.వో.) వెలువరించి, షెడ్యూల్డు ప్రాంతములలోని ఉపాధ్యాయ పదవులను షెడ్యూల్డు తెగలకే ప్రత్యేకించెను. 1989 లో పరిపాలనా ట్రిబ్యునలు దానిని కొట్టివేసినది. పది సంవత్సరములకు పైగా గడచినపిదప, 2000 జనవరి 10 న, అదే యధికారముతో మూడవ నంబరు జీ.వో. వెలువడెను. ఏజెన్సీలోని ఉపాధ్యాయ పదవులు నూటికి నూరును స్థానిక గిరిజనులకే చెందవలెననియు, వానిలో మూడవవంతు స్త్రీలకు కేటాయింపవలెననియు దాని సారాంశము. 1950 జనవరి 26 నకు పూర్వమునుండి ఆ ప్రాంతమున నివసించుచున్న కుటుంబమువాడే స్థానికుడనియు అందు నిర్వచింపబడెను. ఏజెన్సీలో జీ.వో. త్రీ యన్న మాట ఆబాలగోపాలమునకు తెలిసిన మాట యయ్యెను. ఉపాధ్యాయ నియామకములకై జిల్లా ఎంపిక సంఘపు (డి.ఎస్సీ.) ప్రకటన వెలువడినపుడెల్ల శిక్షణ పొందిన గిరిజన యువతీయువకులు ఆ మాటనే నమ్ముకొనిరి.

తరతరములుగా అచటనే కాపురమున్న గిరిజనేతరులు ఈ యాజ్ఞను న్యాయస్థానమున ప్రశ్నించిరి. 2001 లో ఉన్నత న్యాయస్థానము ముగ్గురిలో ఇరువురు న్యాయమూర్తుల అభిప్రాయముతో దానిని సమర్థించినది. రాష్ట్రము 2014 లో రెండైన తరువాతను ఆజ్ఞ ఇరువైపుల అమలునందుండెను. తుదకు 2020 ఏప్రిలు 22 న, చేబ్రోలు లీలాప్రసాదరావు వ్యాజ్యమున, సర్వోన్నత న్యాయస్థానపు ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము దానిని రద్దుచేసెను. గవర్నరు చట్టములకు మార్పులు చేయవచ్చునే గాని ఆ యధికారము ప్రాథమిక హక్కులను దాటిపోజాలదనియు, నూటికి నూరు పాళ్ల ప్రత్యేకింపు ఇతరులకు తలుపులు పూర్తిగా మూసివేయుననియు, రాష్ట్రపతి ఉత్తర్వునకును అది విరుద్ధమనియు, 1950 నాటి నివాస నియమము సహేతుకము కాదనియు ధర్మాసనము తీర్మానించినది. అయినను, ఇకముందు ఏబది శాతపు పరిమితి దాటకూడదను షరతుతో, అదివరకే పదవులలోనున్న ఉపాధ్యాయులను తొలగింపలేదు. తీర్పు వెలువడినపిమ్మట ఆజ్ఞను మరియొక రూపమున పునరుద్ధరింపవలెనని గిరిజన సంఘములు రెండు రాష్ట్రములందును ఆందోళన సాగించినవి.

ఈ వివాదమంతయు పదవుల పంపకము చుట్టునే తిరిగినది. మూడవ నంబరు జీ.వో. ఉపాధ్యాయుని తెగను అడిగినది, నివాసమును అడిగినది. అతడు పాఠము చెప్పవలసిన గూడెపు భాష అతనికి వచ్చునా యని మాత్రము అడుగలేదు. గిరిజనులందరు ఒకే జాతి కారు. గోండు, కోయ, కోలాము, సవర, కొండదొర, లంబాడీ అను భేదములు భాషలోను ఆచారములోను స్పష్టముగానున్నవి. 1976 నాటి చట్టసవరణవలన తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగలలో చేరిరి. 2017 లో ఆదిలాబాదు ఏజెన్సీలో గోండులు, కోలాములు మొదలగు ఆదివాసులు లంబాడీ ఉపాధ్యాయులు తమ బడులలో ఉండరాదని అడ్డగించినపుడు, గిరిజనుడు అను ఒక్క మాట క్రింద ఎన్ని భేదములు అణగియున్నవో లోకమునకు విదితమయ్యెను. పదవులకై పెనగులాట అందు ప్రధానమే; అయినను గూడెపు పిల్లలకు గూడెపు భాష వచ్చిన పంతులు కావలెనన్న న్యాయమైన కోరికయు అందు కలిసియుండినది.

భాషను మరల బడిలోనికి తెచ్చిన ప్రయత్నము 2004 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆరంభించిన బహుభాషా విద్యాపథకము. గోండీ, కోయ, కోలామీ, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసీ ఒడియా అను ఎనిమిది భాషలలో ప్రాథమిక వాచకములు తయారుచేసి, ఆయా భాషలు మాటాడు ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చిరి. ఈ వాచకములు తెలుగు లిపిలో అచ్చయినవి. మార్లవాయిలో నాగరలిపిలో గోండీ నేర్చిన వృద్ధుడు తన మనుమని పుస్తకమును చేతబట్టినచో, మనుమడు పైకి చదువుచున్నప్పుడు ప్రతి మాటయు అతనికి అర్థమగును. అక్షరము మాత్రము ఒక్కటియు పోల్చుకొనజాలడు.