మీడియా పక్షపాతం, ప్రభుత్వ నియంత్రణ: లిబర్టేరియన్లు ఏమంటారు?

1972లో కేంద్ర ప్రభుత్వం దేశంలోని దినపత్రికలకు పది పేజీల పరిమితి పెట్టింది. ఆ ఏడాది న్యూస్‌ప్రింట్ దిగుమతి విధానంలో అదొక నిబంధన. సర్క్యులేషన్ తగ్గించుకుని, మిగిలిన కాగితంతో పేజీలు పెంచుకుంటామన్నా కుదరదు. ఒకే యాజమాన్యం చేతిలో ఇప్పటికే పత్రికలుంటే, తమకు కేటాయించిన కోటాలోంచే కాగితం వాడినా సరే, కొత్త పత్రిక పెట్టకూడదు. దీనికి ప్రభుత్వం చెప్పిన కారణాలు వినడానికి సబబుగానే ఉన్నాయి. కాగితం కొరత ఉంది, పెద్ద పత్రికల గుత్తాధిపత్యం పెరుగుతోంది, చిన్న పత్రికలకు చోటు దొరకాలి.

బెన్నెట్ కోల్‌మన్ సంస్థతో పాటు మరికొన్ని పత్రికలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4–1 మెజారిటీతో ఆ నిబంధనలను కొట్టేసింది. మెజారిటీ పక్షాన ఉన్నవారిలో హైదరాబాద్‌కు చెందిన జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి ఒకరు. పేజీలు తగ్గిస్తే వార్తలూ తగ్గుతాయి, ప్రకటనల ఆదాయమూ తగ్గుతుంది. కాగితం పంపకం పేరుతో పత్రికనే అదుపు చేస్తున్నారన్నది తీర్పు సారాంశం. విభేదించిన జస్టిస్ కె.కె. మాథ్యూ వాదన కూడా తీసిపారేయదగింది కాదు. భావప్రకటన స్వేచ్ఛ పత్రిక యజమాని ఒక్కడి సొత్తు కాదని, రకరకాల గొంతులు వినే అవకాశం పాఠకులకూ ఉండాలని, అందుకు ప్రభుత్వం పూనుకోవడంలో తప్పు లేదని ఆయన అభిప్రాయపడ్డారు. తర్వాతి కాలంలో రెండో ప్రెస్ కమిషన్‌కు ఆయనే అధ్యక్షత వహించారు.

మీడియా నియంత్రణపై మన దేశంలో నేటికీ జరుగుతున్న చర్చంతా దాదాపుగా ఈ రెండు వైఖరుల మధ్యే తిరుగుతోంది. వీటిలో మొదటిదాన్ని చివరిదాకా తీసుకెళ్లేవారు లిబర్టేరియన్లు.

అసలు వాదన

వ్యక్తి స్వేచ్ఛకు, ఆస్తి హక్కుకు అగ్రస్థానం ఇచ్చి, ప్రభుత్వ పాత్రను హింస, మోసం అరికట్టడం వరకే పరిమితం చేయాలనే రాజకీయ ధోరణిని లిబర్టేరియన్ వాదం అంటున్నారు. మీడియాలో పక్షపాతం లేదని వీరు అనరు. ప్రతి పత్రికకూ ఒక కోణం ఉంటుందని, ఏ వార్త మొదటి పేజీలో వేయాలన్న నిర్ణయంలోనే ఆ కోణం బయటపడుతుందని ఒప్పుకుంటారు. వారి అభ్యంతరం ఆ తర్వాతి మెట్టు దగ్గర. పక్షపాతాన్ని సరిదిద్దే అధికారం ఎవరికైనా ఇవ్వాలంటే, ముందు దాన్ని కొలిచే అధికారం ఇవ్వాలి. అది చివరికి చేరేది ప్రభుత్వం చేతికే. వార్తల్లో అందరికంటే ఎక్కువగా కనిపించేది, మంచిగా రాస్తే లాభపడేది, చెడుగా రాస్తే నష్టపోయేది కూడా ప్రభుత్వమే. తగాదాలో ఒక పక్షాన్ని తీసుకెళ్లి పెద్దమనిషి కుర్చీలో కూర్చోబెట్టినట్టవుతుందని వీరి ఆక్షేపణ.

ఇది మితవాదుల వాదన అని చాలామంది పొరబడతారు. మీడియా అంతా వామపక్షాలదేనని, దానికి ముకుతాడు వేయాలని కోరేవారు లిబర్టేరియన్లు కారు. మీడియా అంతా కార్పొరేట్లదేనని, దాన్ని ప్రభుత్వం అదుపు చేయాలని కోరేవారూ కారు. 1950 మే 26న సుప్రీంకోర్టు ఒకే రోజు రెండు తీర్పులిచ్చింది. ఒకటి, వామపక్ష వారపత్రిక క్రాస్ రోడ్స్‌ను మద్రాసు రాష్ట్రంలోకి రానివ్వకుండా ఆ ప్రభుత్వం విధించిన నిషేధం మీద. రెండోది, ఆరెస్సెస్ భావజాలానికి చెందిన ఆర్గనైజర్ మీద ఢిల్లీ పాలనాయంత్రాంగం పెట్టిన ముందస్తు సెన్సార్ మీద. రెండు ఉత్తర్వులూ చెల్లవని కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది జూన్‌లో మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి, భావప్రకటనపై ఆంక్షలు పెట్టడానికి ప్రభుత్వానికి ఉన్న వీలును పెంచింది. ఆంక్షల కత్తి నేడు ఎవరి మీద పడుతోందో చూసి చప్పట్లు కొట్టేవారికి లిబర్టేరియన్లు చూపించే మొదటి ఉదాహరణ ఇదే.

మన దేశంలో ఈ ధోరణికి దగ్గరగా వచ్చిన పార్టీ 1959లో పుట్టిన స్వతంత్ర పార్టీ. గుంటూరు జిల్లాకు చెందిన ఆచార్య ఎన్.జి. రంగా దానికి అధ్యక్షుడు. ఆ పార్టీ నేతల్లో ఒకరైన మినూ మసానీ నడిపిన ఫ్రీడమ్ ఫస్ట్ పత్రికలోని కొన్ని రచనలను ఎమర్జెన్సీలో సెన్సార్ అధికారి అడ్డుకుంటే, ఆయన బాంబే హైకోర్టుకు వెళ్లి గెలిచారు. 1976లో డివిజన్ బెంచ్ కూడా ఆయన వైపే తీర్పిచ్చింది. దేశమంతా గొంతు తగ్గించిన సమయంలో వచ్చిన ఈ తీర్పుకు దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు.

గుత్తాధిపత్యం మీద పోరు ఎటు దారితీసింది?

ఇరుగు పొరుగు దేశాల అనుభవం లిబర్టేరియన్లకు బాగా అక్కరకొస్తుంది. శ్రీలంకలో లేక్ హౌస్ పత్రికా సంస్థ ఒకే కుటుంబం చేతిలో ఉందని, యాజమాన్యాన్ని ప్రజల్లోకి విస్తరింపజేస్తామని చెప్పి 1973లో సిరిమావో బండారనాయకే ప్రభుత్వం చట్టం చేసి దాన్ని తీసేసుకుంది. ఆ తర్వాత ప్రభుత్వాలు ఎన్నో మారాయి. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు లేక్ హౌస్‌ను తిట్టని పార్టీ లేదు, అధికారంలోకి వచ్చాక వదులుకున్న పార్టీ లేదు. బంగ్లాదేశ్‌లో 1975 జూన్‌లో నాలుగు దినపత్రికలను మాత్రం ఉంచి మిగిలినవాటిని మూయించారు. పాకిస్తాన్‌లో అయూబ్ ఖాన్ హయాంలో 1964లో ఏర్పడ్డ నేషనల్ ప్రెస్ ట్రస్ట్ కింద పలు పత్రికలు ప్రభుత్వ బాకాలుగా మారాయి.

ఎమర్జెన్సీలో మన దగ్గర జరిగింది చిన్నదేమీ కాదు. ప్రెస్ కౌన్సిల్‌ను రద్దు చేశారు. పీటీఐ, యూఎన్ఐ, హిందుస్థాన్ సమాచార్, సమాచార్ భారతి అనే నాలుగు వార్తా సంస్థలను కలిపి ‘సమాచార్’ అనే ఒకే సంస్థగా చేశారు. దేశంలోని పత్రికలన్నిటికీ ఒకే కుళాయి అన్నమాట. జనతా ప్రభుత్వం వచ్చాక మళ్లీ విడదీశారు.

తరంగాలు ఎవరివి?

పత్రికల విషయంలో ఈ వాదనను ఎంతో కొంత ఒప్పుకునేవారు కూడా రేడియో, టీవీ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. తరంగాలు పరిమితం కాబట్టి అక్కడ ప్రభుత్వ నియంత్రణ తప్పదన్నది సాధారణ అభిప్రాయం. అమెరికాలో 1949 నుంచి అమలైన ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్‌కు ఇదే ఆధారం. వివాదాస్పద అంశాలపై ఇరుపక్షాల వాదనలూ ప్రసారం చేయాలన్నది ఆ నియమం. 1969లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఐదేళ్లకే, పత్రికలపై అలాంటి ‘జవాబు హక్కు’ చట్టాన్ని మాత్రం కొట్టేసింది. 1987లో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆ నియమాన్ని వదిలేసింది. రెండో పక్షానికి సమయం ఇవ్వాల్సి వస్తుందన్న భయంతో స్టేషన్లు వివాదాస్పద అంశాల జోలికే పోవడం మానేస్తున్నాయన్నది ఎఫ్‌సీసీ చెప్పిన కారణం.

ఆర్థికవేత్త రొనాల్డ్ కోస్ 1959లోనే ఈ ‘కొరత’ వాదనకు గండి కొట్టారు. కొరత లేని వనరంటూ ఏదీ లేదు. భూమి పరిమితమే, కాగితం పరిమితమే. ధర పెట్టి అమ్మితే ఎవరికి దక్కాలో తేలిపోతుంది, అందుకు ప్రసార విషయంలో వేలు పెట్టనక్కర్లేదు అన్నారాయన. అప్పట్లో వింతగా తోచిన ఈ మాట తర్వాత స్పెక్ట్రమ్ వేలాలకు పునాది అయింది.

భారత సుప్రీంకోర్టు 1995లో వేరే దారి పట్టింది. 1993 హీరో కప్ క్రికెట్ ప్రసారంపై బెంగాల్ క్రికెట్ సంఘానికి, దూరదర్శన్‌కు వచ్చిన వివాదంలో, తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటిపై ప్రభుత్వ గుత్తాధిపత్యం చెల్లదని, స్వతంత్ర సంస్థ పర్యవేక్షించాలని చెప్పింది. ఆ ధర్మాసనంలో ఉన్న తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి విడిగా తీర్పు రాస్తూ, ప్రైవేటు గుత్తాధిపత్యం కూడా ప్రభుత్వ గుత్తాధిపత్యమంత ప్రమాదకరమేనని హెచ్చరించారు. ‘ప్రజల ఆస్తి’ అన్న మాటే లిబర్టేరియన్లకు నచ్చదు. ఆచరణలో అది ‘ప్రభుత్వ అనుమతి’గా మారుతుందని వారి వాదన. కోర్టు అడిగిన స్వతంత్ర సంస్థ నేటికీ రాలేదు గనుక ఈ విషయంలో వారిని తప్పుపట్టడం కష్టం.

వచ్చింది మాత్రం కేబుల్ టీవీ చట్టం, దాని కింద ప్రోగ్రామ్ కోడ్. అభిరుచికి విరుద్ధమైనవి, మిత్రదేశాలను విమర్శించేవి, అర్ధసత్యాలు ప్రసారం చేయకూడదని అందులో ఉంది. అర్ధసత్యాల మీద నిషేధాన్ని అక్షరాలా అమలుచేస్తే రాత్రి తొమ్మిదింటి చర్చా కార్యక్రమాల్లో ఎన్ని మిగులుతాయో పాఠకులే ఊహించుకోవచ్చు. అందరూ ఎంతో కొంత ఉల్లంఘించే నియమం ఉంటే, ఎవరిని పట్టుకోవాలో ఎంచుకునే వీలు అధికారికి దొరుకుతుంది. మలయాళ ఛానల్ మీడియావన్‌కు 2022 జనవరిలో అనుమతి పునరుద్ధరణ నిరాకరించినప్పుడు కారణాలను సీల్డ్ కవర్‌లో ఉంచారు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేస్తూ, ప్రభుత్వ విధానాలను విమర్శించినంత మాత్రాన వ్యవస్థకు వ్యతిరేకమనలేమని చెప్పింది.

రేడియో సంగతి ఇంకా విచిత్రం. వేలంలో డబ్బు కట్టి తరంగం కొనుక్కున్న ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లకు సొంత వార్తలు చెప్పే హక్కు లేదు. ఆకాశవాణి బులెటిన్‌ను మార్పు లేకుండా వినిపించవచ్చు, అంతే. గంటకు పది నిమిషాల వార్తలకు అనుమతించాలని 2023లో ట్రాయ్ సిఫారసు చేసింది.

పోటీ పక్షపాతాన్ని తగ్గిస్తుందా?

లిబర్టేరియన్లు ‘మార్కెట్ చూసుకుంటుంది’ అంటారు. ఆర్థికవేత్తల పరిశోధనలు ఈ మాటను సగమే సమర్థిస్తాయి. అమెరికాలో 400కు పైగా దినపత్రికల భాషను పరిశీలించిన జెంట్జ్‌కో, షపీరో 2010లో ప్రచురించిన అధ్యయనంలో, పత్రిక మొగ్గు యజమాని రాజకీయాల కంటే పాఠకుల రాజకీయాలను ఎక్కువగా అనుసరిస్తోందని తేల్చారు. అంటే పత్రికను తిట్టేవారు కొంత అద్దం కూడా చూసుకోవాలి. ముల్లైనాథన్, ష్లైఫర్ 2005లో చూపించింది మరొకటి: పాఠకుల నమ్మకాలు భిన్నంగా ఉన్నచోట పోటీ పెరిగితే ఒక్కో పత్రిక మొగ్గు తగ్గదు, పెరగవచ్చు కూడా. అయితే రెండు మూడు పత్రికలు చదివేవారికి నిజం దాదాపుగా అందుతుంది. బెస్లీ, ప్రాట్ వాదన ప్రభుత్వాల గురించి. స్వతంత్ర మీడియా సంస్థల సంఖ్య పెరిగేకొద్దీ అందరినీ కొనడం ప్రభుత్వానికి ఖరీదైన పని అవుతుంది.

రెండు మూడు పత్రికలు చదివితే నిజం అందుతుందన్న మాట తెలుగు రాష్ట్రాల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఏ పత్రిక ఏ పార్టీ వైపో టీ కొట్టు దగ్గర కూర్చున్నవారికీ తెలుసు. ఒకే అసెంబ్లీ సమావేశం మీద రెండు పత్రికల శీర్షికలు చూసి, మధ్యలో ఎక్కడో నిజం ఉందనుకుంటారు. దాచుకోని పక్షపాతం, తటస్థతగా ముసుగేసుకున్న పక్షపాతం కంటే నయమని లిబర్టేరియన్లు అనేది ఇందుకే.

వాదన బలహీనపడే చోటు

అదే తెలుగు రాష్ట్రాలు వారికి చిక్కు ప్రశ్నలు కూడా వేస్తాయి. 2014 జూన్‌లో తెలంగాణలో ఏబీఎన్ ఆంధ్రజ్యోతి, టీవీ9 ప్రసారాలు కేబుల్‌లో ఆగిపోయాయి. ఆపింది ఎంఎస్‌ఓలు, అంటే ప్రైవేటు వ్యాపారులు. తన తీగ మీద ఎవరి ఛానల్ పోవాలో నిర్ణయించుకునే హక్కు ఆస్తి హక్కే కదా? స్థానిక కేబుల్ గుత్తాధిపత్యం రాజకీయ అండతోనే నిలబడిందని, డీటీహెచ్, ఇంటర్నెట్ వచ్చాక ఆ పట్టు సడలిందని లిబర్టేరియన్ల జవాబు. అది నిజమే గానీ, పట్టు సడలేదాకా నెలల తరబడి తెర నల్లగా ఉన్న ఛానల్‌కు ఆ జవాబు కూడు పెట్టదు.

డబ్బు దగ్గర మాత్రం వారి వాదనకు పదునుంది. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు వలంటీర్లకు పత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు ఇస్తూ ఉత్తర్వు తెచ్చింది. ఉత్తర్వులో ఏ పత్రిక పేరూ లేదు. నాటి ముఖ్యమంత్రి కుటుంబానికి చెందిన సాక్షికి లబ్ధి చేకూర్చడానికే ఇదని ఈనాడు ప్రచురణకర్త ఉషోదయ కోర్టుకెక్కింది. 2023లో సుప్రీంకోర్టు ఆ కేసును ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది. ప్రభుత్వ ప్రకటనల కథ కూడా ఇలాంటిదే. అధికారం మారగానే ఏ పత్రికలో ప్రకటనల పేజీలు పెరిగాయో, ఎందులో తగ్గాయో లెక్క చూసుకునే అలవాటు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. సెన్సార్ అధికారి అవసరం లేకుండానే పని జరిగిపోతుంది. ప్రకటనల బడ్జెట్‌నే ఎత్తేయాలని లిబర్టేరియన్లు అంటారు. చిన్న పత్రికలు మూతపడతాయన్న అభ్యంతరానికి వారి దగ్గర సరైన సమాధానం లేదు.

ద్వేష ప్రసంగం మరో చిక్కు. సివిల్ సర్వీసుల్లో ముస్లింల ఎంపికపై సుదర్శన్ టీవీ కార్యక్రమాన్ని 2020 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మధ్యలో ఆపించింది. ప్రసారానికి ముందే ఆపడం సెన్సారేనని లిబర్టేరియన్లు అంటారు. ఒక సమాజం మొత్తాన్ని రోజూ నిందించే ఛానల్‌కు ‘మీరూ ఒక ఛానల్ పెట్టుకోండి’ అనే సలహా జవాబు కాదని విమర్శకులు అంటారు. స్వీయ నియంత్రణ కూడా అంతంతమాత్రమే. న్యూస్ ఛానళ్ల సంఘం విధించగల లక్ష రూపాయల జరిమానా ఎవరిని భయపెడుతుందని 2023లో సుప్రీంకోర్టే అడిగింది.

డిజిటల్ రంగంలో తాజా పరీక్ష ఫ్యాక్ట్ చెక్ యూనిట్. కేంద్ర ప్రభుత్వానికి సంబంధించిన సమాచారం అబద్ధమా కాదా అని కేంద్రమే ఏర్పాటు చేసిన యూనిట్ తేల్చేలా 2023 ఏప్రిల్‌లో ఐటీ నిబంధనలు సవరించారు. బాంబే హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు భిన్న తీర్పులిచ్చారు. మూడో న్యాయమూర్తి అభిప్రాయంతో 2024 సెప్టెంబరులో ఆ సవరణ రద్దయింది.

మరి అబద్ధపు వార్తతో నష్టపోయినవారి మాటేమిటి? ఎక్కువమంది లిబర్టేరియన్లు సివిల్ పరువునష్టం దావా ఉంచి, క్రిమినల్ కేసును తీసేయాలంటారు. 2016లో సుప్రీంకోర్టు క్రిమినల్ పరువునష్టాన్ని సమర్థించింది; భారతీయ న్యాయ సంహితలోనూ అది కొనసాగుతోంది. అమెరికన్ రచయిత మరే రోత్‌బార్డ్ మాత్రం సివిల్ దావాకు కూడా ఒప్పుకోలేదు. పరువు అనేది ఇతరుల మనసుల్లో ఉండే అభిప్రాయమని, పరుల ఆలోచనలకు ఎవరూ యజమాని కాలేరని ఆయన వాదన. సాటి లిబర్టేరియన్లలోనే చాలామంది అంత దూరం వెళ్లడానికి సిద్ధంగా లేరు.