కొలిమి నుండి ప్రదర్శనశాలకు – పూతలపట్టు ప్రాంతమున వడ్రంగి పనిముట్లు

ఉలి కొనవలెనన్న మాటయే మన పూర్వులకు వింతగా నుండెడిది. వడ్రంగి యులి కొలిమిలో పుట్టెడిది. కొలిమి యూరిలోనే యుండెడిది. దాని ముందు కూర్చున్నవాడు తరచుగా వానికి మేనమామయో బావమరిదియో యగుచుండెను. మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞ బ్రహ్మల పేర మనము చెప్పుకొను పంచవృత్తులలో మొదటి రెండింటికిని గల చుట్టరికము పురాణములకంటె నీ యులి యందే చక్కగా తెలియును. ఆ యులి యూరు విడిచి, సీమలు తిరిగి, తుదకు ప్రదర్శనశాలలో వెలచీటితో మనకు మరల నెదురుపడిన కథను ఈ సంచికను పోషించు మహాశయులకును, చదువు సోదరులకును నివేదింప దలచితిమి. 1818 సంవత్సరపు చిత్తూరు అదాలతు తీర్పును గూర్చి యిట్టి సంచికలలో పలువురు వ్రాసియే యున్నారు గావున మేము దాని జోలికి పోము.

పూతలపట్టు 1911 ఏప్రిలు 1వ తేదీన చిత్తూరు జిల్లా యేర్పడు వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. కాణిపాకమునకు చేరువ, చిత్తూరు నుండి పాకాలకు పోవు రైలుదారి మీది గ్రామము. ఇచ్చటి వడ్రంగి మడకయు, గొర్రును, కాడియు, కపిల గిలకయు, బండిచక్రమును చేసియిచ్చుచుండగా రైతు కళ్ళములో వానికి మేర కొలిచెడివాడు. తుమ్మ చక్రమునకు, వేప ద్వారబంధమునకు, చింత కొడటికి – ఏ పనికి ఏ మ్రానో వానికి తెలిసినట్లే, ఏ మ్రానికి ఎట్టి యుక్కు వలయునో కమ్మరికి తెలిసి యుండెను. చేవ యెక్కిన తుమ్మపై ఉలి వాదర మడిగినచో, ఆ సాయంకాలమే యది కొలిమికి పోయెడిది. కమ్మరి దానిని కాల్చి, నీట ముంచి, మరల మెల్లగా వేడి సోకించుచు ఉక్కుపై దేరు వన్నెను గనిపెట్టెడివాడు. లేత గడ్డివన్నె కనబడగానే ఆపినచో వాదర గట్టిగా నుండును. నీలము వచ్చు దాక నుంచినచో మెత్తబడును. ఆ వన్నెల నెరుగుటకు పుస్తకము లేదు, తూకము లేదు. చేసినవాడును వాడువాడును ఒకేచోట నుండుట చేత తప్పు దిద్దుకొనుట సులభమై యుండెను. ఈ సౌలభ్యమే మనము పోగొట్టుకొన్న యసలు ధనమని మా యభిప్రాయము.

ఉక్కు నెరిగి కొనుట యెట్టిదో తెలిపెడి యుదాహరణ మొకటి తెలంగాణమున నున్నది. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున మూసలలో కరగించిన యుక్కును కొనుటకు పారశీక వర్తకులు వచ్చుచుండిరి. అచ్చటికి పోయిన డాక్టరు వాయిసీ వ్రాసినదానిని బట్టి, ఇస్ఫహాను వర్తకు డొకడు ఆ యూరనే యుండి, పనిని స్వయముగా చూచుకొనుచుండెను. కొనువాడు కొలిమి వద్ద కూర్చుండెనన్న మాట!

ఇదే జాతి యుక్కు ముద్దలను 1794లో బొంబాయి నుండి డాక్టరు హెలెనస్ స్కాట్ లండనునకు పంపెను. జేమ్స్ స్టోడార్ట్ అను కత్తుల పనివాడు వానితో కత్తులు చేసి మెచ్చుకొనెను. 1820 ప్రాంతమున మైకేల్ ఫారడేతో గలసి యుక్కుపై పరిశోధనలు సలిపెను. కుంపెనీ యుద్యోగియైన జోషియా మార్షల్ హీత్ 1830ల నాట పరంగిపేటలో ఇనుప కార్ఖానా నెలకొల్పెను. అది నిలువలేదు. కాని యతడు షెఫీల్డు చేరి 1839లో ఉక్కు పోతపనికి మాంగనీసు చేర్చు పద్ధతికి పేటెంటు పొందెను. దాని లాభమెల్ల షెఫీల్డు వర్తకులకే దక్కెను. హీత్ వ్యాజ్యములతోనే కాలము గడిపెను. మన కొలిమిలోని రహస్యమును వెదకినవారు పెక్కండ్రు. కొలిమివానిని పిలిచి యడిగినవారు మాత్రము అరుదు.

పందొమ్మిదవ శతాబ్దమున ప్రదర్శనములు బయలుదేరినవి. 1851లో లండనునందును, 1855లో మదరాసునందును జరిగిన ప్రదర్శనములలో మన దేశపు ముడిసరకులును, చేతిపనులును బల్లలపై పరుపబడెను. ఆనాడు పనివాడు చూపువాడు, దొరలు చూచువారు. పిమ్మట రైలు వచ్చెను. రైలుతో షెఫీల్డు ముద్ర గల రంపములును, ఆకురాళ్ళును అంగళ్ళకు దిగెను. వెల తక్కువ, వాదర సమానము, వడ్రంగి కొనెను. అందులో వానిని నిందింప బనిలేదు. స్వాతంత్ర్యానంతరము జలంధరు పనిముట్లు ఆ స్థానము నాక్రమించెను. ట్రాక్టరు రాగా మడకయు కాడియు మూలబడెను, మేర నిలిచెను, కొలిమి చల్లారెను. వడ్రంగి తలుపులకును, మంచములకును, అలమారులకును మరలి బ్రదికెను. కమ్మరికి ఆ త్రోవయు లేకపోయెను.

నేడు చూపువాడును చూచువాడును తారుమారైరి. బెంగుళూరున తుముకూరు రోడ్డు మీది అంతర్జాతీయ ప్రదర్శనశాలలో జరుగు ‘ఇండియావుడ్’ ప్రదర్శనమున (2024 ఫిబ్రవరిలో నొకటి జరిగెను) జర్మనీ, ఇటలీ మొదలగు దేశముల యంత్రములు మనకు చూపబడుచున్నవి. పలమనేరు, ముళబాగలు, కోలారుల మీదుగా పూతలపట్టు వా రొక్క పూటలో అచ్చటికి చేరగలరు. పోవలసినదే. కాని దీపముల వెలుగులో మెత్తని పలకను వెన్నవలె కోయు రంపమును చూచి మురియుట వేరు, మన యూరి తుమ్మను దానితో కోయుట వేరు. సంచిలో మన మ్రాని ముక్క నొకదానిని గొనిపోయి, దానినే కోసి చూపుమని యడుగుటకు సిగ్గుపడరాదు.

అడుగవలసినవి మరికొన్ని యున్నవి. సాధారణపు కర్బన ఉక్కు వేడికి మెత్తబడును. హైస్పీడు ఉక్కు కెంపెక్కు వేడిమి దాక తన గట్టిదనమును నిలుపుకొనును. టేకులో ఇసుక జాతి పదార్థమున్నది, ప్లైవుడ్డులో జిగు రున్నది. ఈ రెండును వాదరను త్వరగా తినివేయును గనుక యంత్రపు రంపమునకు కార్బైడు పండ్లు మేలు. ఆ పండ్లను మరల సానబట్టువాడు చిత్తూరులోనో తిరుపతిలోనో దొరకునా? యంత్రము మూడు ఫేజుల విద్యుత్తు కోరునా, ఇంటి కనెక్షనుతో నడచునా? విడిభాగములు ఎక్కడి నుండి రావలెను? జిగురు డబ్బాపై తయారైన తేదీ యేది? చౌకగా నిచ్చుచున్నారని మోయుచు తెచ్చిన పాత జిగురు పట్టదు. పొట్టును పీల్చు యంత్రము వైపు మనవారు కన్నెత్తియైన చూడరు. అది పని చేయదు, డబ్బు తినునని వారి తలంపు. కాని 1995లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ కొయ్యపొట్టును క్యాన్సరు కారకములలో చేర్చెను. చేతి రంపపు పొట్టు చాలవరకు నేలపై రాలును. యంత్రపు పొట్టు పొగవలె లేచి గదియంతయు నిండును. పరదేశపు రంపమును కొన్నవాడు ఈ గాలిసంచిని కొనకుండుట సగము బేరమే.

2023 సెప్టెంబరు 17వ తేదీన ఆరంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున 18 వృత్తులవారికి పనిముట్ల నిమిత్తము 15,000 రూపాయల వరకు సహాయమును, 5 శాతము వడ్డీకి మొదట లక్ష, పిదప రెండు లక్షల రూపాయల ఋణమును నిర్ణయింపబడినవి. 15,000 చేతి పనిముట్లకు చాలును, యంత్రమునకు చాలదు. ఋణముతో యంత్రము కొన్నవాడు నెలనెల వాయిదాకు తగిన పని తనకున్నదా యని ముందు లెక్కించుకొనవలెను. పూతలపట్టు వంటి చోట నలుగురు వడ్రంగులు నాలుగు చిత్రికయంత్రములు కొని నాలుగింటిని సగము దినము ఊరక నుంచుట కంటె, ఒక్కటి కొని వంతులు వేసికొనుట మేలు. ఒప్పందము కాగితముపై నుండవలెను. చుట్టరికమును నమ్మి వ్రాయక విడిచిన యొప్పందములే తరువాత పంచాయితీల కెక్కినవి.

తిరుపతిలో దేవస్థానమువారు 1960లో స్థాపించిన శిల్పశిక్షణాలయమున కొయ్యశిల్పము నేర్పబడుచున్నది. మాధవమాల శిల్పుల పని దూరప్రాంతముల కెగుమతి యగుచున్నది. ఈ రెండు తావుల వారును ఉలిని ఇంకను వన్నె చూచియే యెన్నుదురు. రాబోవు ప్రదర్శనమునకు మన యువకులను పంపుటకు పోషకులు ముందుకు వచ్చినచో, ప్రతి యైదుగురికి అట్టి పెద్ద నొకనిని తోడుగా పంపుదురుగాక యని ప్రార్థించుచున్నాము. ఆ పెద్దకు దారిఖర్చుతోబాటు ఆ దినముల కూలియు నీయవలెను. యువకుల చేతికి డబ్బు కంటె ముందు రెండు వస్తువుల నీయవలెను: ఒకటి సన్నని ఆకురాయి, రెండవది జానెడు తుమ్మముక్క.