సల్సా వెర్దే

సల్సా వెర్దే మెక్సికో దేశపు ఇళ్ళలో నిత్యము వాడే పచ్చని రంగుగల, పులుపు, కారము కలిసిన పచ్చడివంటి పదార్థము. స్పానిష్ భాషలో సల్సా అనగా నంజుకొనుటకు లేదా వంటలో కలుపుటకు వాడే ద్రవపదార్థము, వెర్దే అనగా ఆకుపచ్చనిది. టొమాటియో అనే పుల్లని కాయ, పచ్చిమిరపకాయలు, ఉల్లి, వెల్లుల్లి, కొత్తిమీర, ఉప్పు దీనిలోని ముఖ్యమైన దినుసులు. దీనిని నంజుకొనడానికి మాత్రమే గాక మాంసము, గుడ్లు, జున్ను, కూరగాయలు ఉడికించే పులుసుగా కూడా వాడతారు. ముందుగా చేసి ఉంచుకొన్న సల్సాతో అరగంటలోపు తయారయ్యే భోజనాలు మెక్సికో వంటలలో అనేకము ఉన్నవి.

ఇటలీలో కూడా ఇదే పేరుతో ఒక పదార్థము ఉన్నది. అది పార్స్లీ ఆకు, కేపర్ మొగ్గలు, ఆంకోవీ చేపలు, ఆలివ్ నూనెతో చేసేది. రెండింటికీ పేరులో తప్ప పోలిక లేదు. ఈ వ్యాసము మెక్సికో సల్సా గురించినది.

పేరు వెనుక కథ

మెక్సికో ఆదివాసుల భాషలలో ఒకటైన నహువాట్ల్‌లో "తొమాత్ల్" అనే మాట ఉన్నది. టమాటా అనే పేరు అనేక ప్రపంచ భాషలకు అక్కడినుండే వచ్చినది. అయితే మధ్య మెక్సికోలో నేటికీ "తొమాతె" అంటే పచ్చని టొమాటియో కాయ అనే అర్థము. మనము టమాటా అనే ఎర్రని పండును అక్కడ "హితోమాతె" అంటారు. టొమాటియో అనే మాటకు చిన్న టమాటా అని అర్థము. ఈ తేడా తెలియక, వంట పుస్తకాలలోని "తొమాతె వెర్దే" అనే మాటను పచ్చి టమాటా అని పొరబడేవారు ఉన్నారు. నిజానికి అది టొమాటియో. పచ్చి టమాటాలతో చేసిన సల్సాకు ఆ రుచి రాదు.

టొమాటియో

టొమాటియో శాస్త్రీయ నామము ఫైసాలిస్ ఫిలడెల్ఫికా. ఇది టమాటా, వంగ, మిరప, బంగాళదుంప చేరిన సొలనేసి కుటుంబానికి చెందిన ఏకవార్షిక మొక్క. ఫైసాలిస్ అనే పేరు బుడగ అనే అర్థముగల గ్రీకు పదమునుండి వచ్చినది. పువ్వు యొక్క రక్షకపత్రావళి కాయతోపాటు పెరిగి, కాగితపు బుడ్డివలె దానిని చుట్టి ఉంచుతుంది. కాయ ఎదిగినకొద్దీ తొడుగు నిండి, చివరకు చిట్లుతుంది. పూలు పసుపురంగులో ఉండి, లోపల ముదురు మచ్చలు కలిగి ఉంటాయి.

ఈ మొక్కకు స్వపరాగ సంపర్కము ఫలించదు. ఒక్క మొక్కను నాటితే పూలు పూస్తాయి గాని కాయలు దాదాపుగా కాయవు. కాబట్టి పెరటిలో కనీసము రెండు మొక్కలు దగ్గరగా నాటాలి.

తెలుగునాట పొలముగట్లమీద, బంజరులలో కనిపించే కుపంటి మొక్క కూడా ఫైసాలిస్ ప్రజాతికి చెందినదే. పెన్నేరు (అశ్వగంధ) కాయలకు కూడా ఇటువంటి తొడుగు ఉంటుంది. చూపునకు పోలిక ఉన్నా, వీటి పచ్చికాయలను టొమాటియోకు బదులుగా వాడరాదు. ఫైసాలిస్ జాతులలో అనేకమైన వాటి పచ్చికాయలలో విషపదార్థాలు ఉంటాయి. పచ్చగా ఉండగానే వండుకొని తినదగినదిగా టొమాటియో పేరుపొందినది.

చరిత్ర

అర్జెంటీనాలోని పటగోనియా ప్రాంతములో దొరికిన ఫైసాలిస్ శిలాజాలు సుమారు 5 కోట్ల 20 లక్షల సంవత్సరాలనాటివని 2017లో సైన్స్ పత్రికలో ప్రచురితమైన పరిశోధన తెలిపినది. ఆ రాళ్ళలో కాయచుట్టూ ఉండే కాగితపు తొడుగు కూడా అచ్చుపడి కనిపిస్తున్నది.

మెక్సికో ప్రజలు స్పెయిన్‌వారి రాకకు ఎంతో ముందే టొమాటియోను, మిరపను సాగుచేశారు. 16వ శతాబ్దములో అజ్టెక్ ప్రజల జీవితాన్ని నమోదుచేసిన బెర్నార్దినో దె సహగూన్ అనే క్రైస్తవ సన్యాసి, మిరపకాయ, తొమాత్ల్, గుమ్మడిగింజలు కలిపిన సల్సాలు సంతలో అమ్మేవారని వ్రాసినాడు. ఆయన రచన ఫ్లోరెంటైన్ కోడెక్స్ అనే పేరుతో ప్రసిద్ధము.

నేటి సల్సాలోని ఉల్లి, వెల్లుల్లి, కొత్తిమీర మాత్రము అమెరికా ఖండమువి కావు. 1521లో అజ్టెక్ రాజధాని తెనోచ్తిత్లాన్ పతనమైన తరువాత స్పెయిన్‌వారితో అవి అక్కడికి చేరినవి. కోడిమాంసము, పాలమీగడ, జున్ను కూడా అటువంటివే. అదే కాలములో మిరప పోర్చుగీసువారి ద్వారా భారతదేశానికి వచ్చినది. ఇక్కడి కొత్తిమీర అక్కడి పచ్చడిలోను, అక్కడి మిరప ఇక్కడి పచ్చడిలోను కలిసినది ఆ శతాబ్దములోనే.

మెక్సికో సంప్రదాయ వంటను 2010లో యునెస్కో మానవాళి అగోచర సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినది.

తయారీ విధానము

కావలసిన పదార్థాలు (నలుగురికి):

- టొమాటియోలు - 500 గ్రాములు (మధ్యరకము సుమారు 10)
- సెర్రానో లేదా హలపేన్యో పచ్చిమిరపకాయలు - 2 నుండి 4
- ఉల్లిపాయ - చిన్నదానిలో సగము
- వెల్లుల్లి రేకలు - 2
- కొత్తిమీర - ఒక గుప్పెడు
- ఉప్పు - ఒక చెంచా, లేదా రుచికి తగినంత

తొడుగు వలిచిన కాయలపైన జిగట ఉంటుంది. గోరువెచ్చని నీటితో కడిగితే అది పోతుంది. తరువాత మూడు పద్ధతులలో ఏదైనా అనుసరించవచ్చును.

1. పచ్చి సల్సా: కాయలను ఉడికించకుండా ముక్కలుచేసి మిగిలినవాటితో రుబ్బుతారు. పులుపు ఎక్కువ, వాసన తాజాగా ఉంటుంది. చేసిన పూటే వాడుకోవాలి.

2. ఉడికించిన సల్సా: కాయలు, మిరపకాయలు మునిగేటంత నీటిలో 5 నుండి 10 నిమిషాలు సన్నని మంటపై ఉంచుతారు. కాయ లేతపచ్చనుండి ఆలివ్ రంగుకు మారగానే దించాలి. పగిలేవరకు ఉంచితే రసము నీటిలో కలిసిపోయి, సల్సా చప్పబడుతుంది.

3. కాల్చిన సల్సా: మట్టి లేదా ఇనుప పెనముపైన (దీనిని కొమాల్ అంటారు) కాయలు, మిరపకాయలు, ఉల్లి, పొట్టుతీయని వెల్లుల్లి అక్కడక్కడ నల్లబడేవరకు కాలుస్తారు. పులుపు కొంత తగ్గి, తీపి, పొగవాసన వస్తాయి. మన కాల్చిన వంకాయ పచ్చడి రుచి ఎరిగినవారికి ఈ తేడా సులభముగా బోధపడుతుంది.

పూర్వము వీటిని మోల్కాహేతె అనే మూడుకాళ్ళ నల్లరాతి రోటిలో, తెహోలోతె అనే చేతి పొత్రముతో నూరేవారు. మొదట ఉప్పు, వెల్లుల్లి, మిరప నూరి, తరువాత కాయలు వేసి మెదపడము పద్ధతి. ఇప్పుడు చాలా ఇళ్ళలో మిక్సీ వాడుతున్నారు. బరకగా ఉంటేనే రుచి. కొత్తిమీరను చివర వేయాలి. టొమాటియోలో పెక్టిన్ ఉండుటచేత చల్లారిన సల్సా చిక్కబడుతుంది. అప్పుడు రెండు చెంచాల నీరు కలిపితే సరిపోతుంది.

సల్సాను కూరగా వండదలచినపుడు మరొక మెట్టు ఉన్నది. ఒక చెంచా నూనె బాగా కాగిన తరువాత రుబ్బిన సల్సాను ఒక్కసారిగా అందులో పోసి, 8 నుండి 10 నిమిషాలు ఉడకనిస్తారు. దీనితో పచ్చివాసన పోయి రుచి కుదురుకొంటుంది. ఇది మన తిరగమోతను తలపించినా ఇందులో ఆవాలు, జీలకర్ర వంటి పోపుగింజలు ఉండవు.

సల్సాతో ఇంటి భోజనాలు

చిలాకీలెస్: నిన్న మిగిలిన మొక్కజొన్న టోర్టియాలను (రొట్టెలు) ముక్కలుచేసి, నూనెలో కరకరలాడేటట్లు వేయించి, వేడి సల్సాలో ఒక నిమిషము కలిపి దించుతారు. పైన జున్నుపొడి, పుల్లని మీగడ, ఉల్లిచక్రాలు వేస్తారు. గుడ్డు లేదా ఉడికిన కోడిమాంసపు పీచు చేర్చితే పూర్తి భోజనము. ఎక్కువసేపు ఉంచితే ముక్కలు మెత్తబడిపోతాయి. కనుక అందరూ కూర్చున్న తరువాతనే కలపాలి. చద్దిరొట్టె పారవేయకుండా ఉదయపు ఫలహారముగా మార్చే పొదుపు ఈ వంటకములో ఉన్నది.

ఎంచిలాడాస్ వెర్దెస్: టోర్టియాలను నూనెలో కొద్దిగా వెచ్చచేసి, సల్సాలో ముంచి, లోపల కోడిమాంసము లేదా జున్ను పెట్టి చుడతారు. పైన మరికొంత సల్సా పోస్తారు. నూనెలో వెచ్చచేయనిదే ముంచితే రొట్టె విరిగిపోతుంది. మీగడ, కరిగే జున్ను ఎక్కువగా వేసి చేసినదానిని ఎంచిలాడాస్ సుయీసాస్ (స్విట్జర్లాండు తరహా) అంటారు. స్విట్జర్లాండు పాడిపరిశ్రమను తలపించే ఆ పాలపదార్థాల వలననే ఆ పేరు.

పచ్చ సల్సాలో కోడి: వేయించిన సల్సాలో కోడిముక్కలు, కొద్దిగా నీరు, ఉప్పు వేసి, మూతపెట్టి 30 నిమిషాలు ఉడికిస్తారు. బంగాళదుంప ముక్కలు చేర్చవచ్చును. అన్నముతోగాని, టోర్టియాతోగాని తింటారు. పందిమాంసముతోను ఇదే విధముగా చేస్తారు.

సల్సాలో గుడ్లు: ఉడుకుతున్న సల్సాలో గుడ్లు పగులగొట్టి వేసి, మూతపెట్టి 5 నుండి 7 నిమిషాలు ఉంచుతారు. ఒంటరిగా ఉండే విద్యార్థులకు, ఉద్యోగులకు అన్నింటికంటె సులభమైనది ఇదే.

శాకాహార వంటలు: పనేలా అనే మెత్తని జున్ను ముక్కలను పెనముపై కాల్చి సల్సాలో వేస్తారు. పనేలా దొరకనిచోట పనీరు వాడవచ్చును. నోపాల్ అనే నాగజెముడు జాతి లేతమట్టలను ముళ్ళు తీసి, ఉడికించి, బంగాళదుంపలతో కలిపి సల్సాలో వండుట మెక్సికోలో సర్వసాధారణము.

టోర్టియా - సున్నపు నీరు

ఈ భోజనాలన్నింటికీ ఆధారము మొక్కజొన్న టోర్టియా. మెక్సికోలో మొక్కజొన్నలను సున్నపు నీటిలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి రుబ్బుతారు. దీనిని నిక్స్తమలీకరణము అంటారు. పొట్టు ఊడిరావడము, పిండికి బంక రావడముతోపాటు గింజలో బంధింపబడి ఉన్న నయాసిన్ అనే విటమిన్ శరీరానికి అందుతుంది. ఐరోపావారు మొక్కజొన్నను తీసుకొనిపోయినపుడు ఈ పద్ధతిని తీసుకొనిపోలేదు. ఫలితముగా ఉత్తర ఇటలీలోను, 20వ శతాబ్దపు తొలి దశకాలలో అమెరికా దక్షిణ రాష్ట్రాలలోను, మొక్కజొన్నే ప్రధానాహారమైన పేదలలో పెల్లాగ్రా వ్యాధి వ్యాపించి ఎందరో మరణించారు. హైదరాబాదు పరిసరాలలో జొన్నలు తినే పేదలలో కూడా ఈ వ్యాధి కనిపించగా, సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతియా దీనిపై పరిశోధన చేసి 1960లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు.

పోషక విలువలు

100 గ్రాముల పచ్చి టొమాటియోలో సుమారు 32 కిలోకాలరీల శక్తి, 92 గ్రాముల నీరు, 5.8 గ్రాముల పిండిపదార్థాలు, 1.9 గ్రాముల పీచు, 12 మిల్లీగ్రాముల విటమిన్ సి, 268 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటాయి. సల్సాలో కొవ్వు చాలా తక్కువ. అయితే వేయించిన టోర్టియా, మీగడ, జున్ను చేర్చిన వంటకాలకు ఈ మాట వర్తించదు.

నిల్వ, జాగ్రత్తలు

- తొడుగుతో ఉన్న కాయలు ఫ్రిజ్‌లో రెండు మూడు వారాలు నిలుస్తాయి. గట్టిగా, పచ్చగా, తొడుగు నిండా ఉన్న కాయలనే ఎంచుకోవాలి.
- ఉడికించిన సల్సాను ఫ్రిజ్‌లో ఉంచి మూడు నాలుగు రోజులలో వాడుకోవాలి. ఎక్కువకాలము కావాలంటే గడ్డకట్టించి ఉంచుట క్షేమము.
- సీసాలలో మూసి బయట నిల్వచేయుట అనుభవములేనివారు చేయరాదు. పీహెచ్ 4.6 కంటె ఎక్కువైతే, గాలిచొరని సీసాలో ప్రాణాంతకమైన బొటులిజమ్ విషము పుట్టే ప్రమాదము ఉన్నది. టొమాటియో పుల్లనిదే అయినా ఉల్లి, వెల్లుల్లి, మిరపలకు పులుపు తక్కువ. అందుచేత పరీక్షింపబడిన కొలతలలో నిమ్మరసము లేదా వెనిగరు చేర్చి, చెప్పిన సమయము మరిగించాలి. వాసన, రుచి చూసి ఈ విషమును గుర్తించలేము.
- వేడి కాయలను మిక్సీలో నిండా వేసి మూత బిగిస్తే ఆవిరికి మూత ఎగిరి ఒళ్ళు కాలుతుంది. కొంత చల్లార్చి, సగము గిన్నె మాత్రమే నింపాలి.
- హలపేన్యో కారము 2,500 నుండి 8,000 స్కోవిల్ యూనిట్లు, సెర్రానో 10,000 నుండి 23,000. హలపేన్యోకు బదులు సెర్రానో వాడేటపుడు సంఖ్య తగ్గించాలి.

తెలుగువారి వంటలలో

అమెరికాలోని కిరాణా దుకాణాలలో టొమాటియో సులభముగా దొరుకుతుంది. పులుపు ప్రియమైన అక్కడి తెలుగు కుటుంబాలు దీనితో పప్పు, రోటిపచ్చడి చేసుకొంటున్నవి. పచ్చి టమాటా, మామిడికాయ పాళములో దీనిని వాడి, వేయించిన మినప్పప్పు, ఎండుమిరప, ఇంగువ పోపు పెడతారు. చింతపండు అవసరము ఉండదు. రెండు రాష్ట్రాలలోని మామూలు కూరగాయల సంతలలో టొమాటియో సాధారణముగా కనిపించదు. ఇక్కడ చేసుకొనదలచినవారు గట్టి పచ్చి టమాటాలు కాల్చి, నిమ్మరసము చేర్చి చేయవచ్చును. అది సల్సా వెర్దే కాదు గాని, దాని దగ్గరి చుట్టము.

ఇవి కూడా చూడండి

- టమాటా
- మిరప
- మొక్కజొన్న
- కొత్తిమీర
- పచ్చడి
- సొలనేసి