పద్దెనిమిది అడుగులు

2005 ఫిబ్రవరి 12. హైదరాబాద్ ఫతే మైదాన్ టెన్నిస్ స్టేడియంలో మీకు కాస్త చోటు దొరికింది. లేవకండి, లేస్తే మళ్లీ దొరకదు. మీ పక్కాయనకు పదిహేను, ముప్ఫై తర్వాత నలభై ఎందుకొస్తుందో తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. ఊళ్లో జరుగుతున్న డబ్ల్యూటీఏ టోర్నీ, ఫైనల్లో ఊరి పిల్ల సానియా, పద్దెనిమిదేళ్లు, ముక్కుకు రింగు. చాలదూ! అవతల ఉక్రెయిన్ అమ్మాయి అలోనా బొండరెంకో. మొదటి సెట్ 6-4తో మనది, రెండోది 7-5తో ఆమెది. ఇప్పుడు మూడోది.

బంతిని వదిలేసి సానియా కుడి మణికట్టును చూడండి. రాకెట్ వెనక్కి వెళ్లేటప్పుడు ఆ మణికట్టు మామూలు మనుషులది వంగని చోటికి వంగుతుంది. బంతి ఇంకా పైకి లేస్తుండగానే, సంక్రాంతికి పేంచ్ పడ్డప్పుడు మాంజాను ఒక్కసారి గుంజినట్టు, చటుక్కున లాగుతుంది. అంతే. భుజం పెద్దగా తిరగలేదు, నడుమూ తిరగలేదు. బంతి మాత్రం నెట్ మీద జానెడు ఎత్తులో దూసుకెళ్లి అవతలి మూలన పడింది. ఎదుటివాళ్లకు అది ఎటు వస్తుందో కనిపెట్టే వ్యవధి కూడా దొరకదు.

ఇక సర్వీస్ చూడండి. ఆ ఫోర్‌హ్యాండ్ చూసిన కళ్లతో దీన్ని చూస్తే జాలేస్తుంది. మొదటి సర్వ్ నెట్‌కు తగిలితే స్టేడియం మొత్తం ఊపిరి బిగబడుతుంది. రెండోది మెల్లగా వచ్చి పడుతుంది, అవతలివాళ్లు దాని కోసమే ముందుకు జరిగి నిలబడతారు. ఈ అమ్మాయి ఆటంతా ఆ ఫోర్‌హ్యాండ్‌కూ ఈ సర్వీస్‌కూ మధ్యే నలుగుతుందని ఆ సాయంత్రమే చెప్పేయొచ్చు. చెప్పినా వినేవాళ్లెవరు? 6-3. సెట్ అయిపోయింది, మ్యాచ్ అయిపోయింది, మీ పక్కాయన మిమ్మల్ని కౌగిలించుకున్నాడు. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారత మహిళ పేరు సానియా మీర్జా. ఆరేళ్ల వయసులో ఆమె రాకెట్ పట్టింది ఇదే ఊళ్లోని నిజాం క్లబ్‌లో. ఇంత చిన్నపిల్ల ఏం ఆడుతుందని కోచ్ మొదట వెనకాడారట.

ఆ తర్వాత రెండున్నరేళ్లు పరుగే. దుబాయ్‌లో యూఎస్ ఓపెన్ విజేత కుజ్నెత్సోవాను ఓడించింది. అదే ఏడాది న్యూయార్క్‌లో యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్ దాకా వెళ్లి షరపోవా చేతిలో ఓడింది. 2007 ఆగస్టు 27న సింగిల్స్ ర్యాంకు 27. ఆమె స్కర్టు పొడవు మీద జరిగిన రచ్చలో పదో వంతు చర్చ ఆ ర్యాంకు మీద జరిగి ఉంటే బాగుండేది.

చూడకపోతేనే నయమనిపించే కోర్టు ఒకటుంది. 2008, బీజింగ్ ఒలింపిక్స్, మొదటి రౌండ్. చెక్ క్రీడాకారిణి బెనెషోవాతో మ్యాచ్. స్కోరు 1-6, 1-2. సానియా నెట్ దగ్గరికి నడిచి చెయ్యి కలిపేసింది. అదే మణికట్టు. ఆ ఏడాదే దానికి ఆపరేషన్ అయింది, నొప్పి మళ్లీ తిరగబెట్టింది. ఆ రోజుల్లో తల దువ్వుకోవడం కూడా చేతకాలేదని తర్వాత ఆమే చెప్పుకుంది. అంత వేగాన్ని అంత చిన్న కీలు నుంచి పిండుకుంటే ఎప్పుడో ఒకప్పుడు అది బాకీ వసూలు చేయక మానదు. మోకాలికి అంతకుముందే కత్తి తగిలింది.

2013లో సింగిల్స్ వదిలేసింది. "చేతకాక డబుల్స్‌కు పోయింది" అన్నవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. వాళ్లను ఒక్కసారి టేపు పట్టుకుని కోర్టులోకి దిగమనండి. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు, అంతా ఒక్కరే కాయాలి. డబుల్స్ కోర్టు 36 అడుగులు, మనిషికి 18. సింగిల్స్‌లో రెండు గేమ్‌లకోసారి సర్వీస్ చేయాలి, డబుల్స్‌లో నాలుగింటికోసారి. అంటే ఆమెను ఇబ్బంది పెట్టిన పరుగు తగ్గింది, సర్వీస్ భారం సగమైంది, ఫోర్‌హ్యాండ్ మాత్రం చెక్కుచెదరకుండా మిగిలింది. దాన్ని ఓటమి అనడానికి నాకు నోరు రాదు. తన ఆటను ఇంత నిక్కచ్చిగా చదువుకున్న ఆటగాళ్లు మన దేశంలో ఎందరున్నారు?

ఇప్పుడు లండన్ రండి. 2015 జులై 11, వింబుల్డన్ సెంటర్ కోర్టు. మధ్యాహ్నం ఇక్కడే సెరెనా సింగిల్స్ కప్పు ఎత్తింది. ఇప్పుడు పొద్దు వాలుతోంది. బేస్‌లైన్ దగ్గర పచ్చిక రెండు వారాల తొక్కుడుకు అరిగిపోయి మట్టి తేలింది. మహిళల డబుల్స్ ఫైనల్. కుడి సగంలో సానియా, ఎడమ సగంలో మార్టినా హింగిస్. పదిహేనేళ్ల వయసులోనే ఇక్కడ డబుల్స్ గెలిచిన హింగిస్. అవతల రష్యా జంట మకరోవా, వెస్నినా. ఇండియన్ వెల్స్‌లో, మయామిలో సానియా, హింగిస్ వాళ్లను ఫైనల్లోనే ఓడించారు. అక్కడి నుంచి చార్లెస్టన్‌లోనూ గెలిచి ఏప్రిల్ 13న సానియా ప్రపంచ నంబర్ వన్ అయింది. కానీ ఇది పచ్చిక. మొదటి సెట్ 5-7తో పోయింది. రెండోది టైబ్రేక్‌లో, 7-4తో దక్కింది. మూడో సెట్‌లో స్కోరుబోర్డు చూడండి: 2-5.

ఒక్క గేమ్ చాలు రష్యన్లకు. హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాటింది. రంజాన్ నెల, పాతబస్తీ ఎలాగూ మేలుకునే ఉంది. ఇక్కడ మీరు వేళ్లు ముడుచుకుని కూర్చున్నారు.

హింగిస్ నెట్ దగ్గర అటూ ఇటూ కదులుతూ ఎదుటివాళ్లను తికమక పెడుతుంది. ఎక్కడ నిలబడాలో ఆమెకు బంతి కంటే ముందే తెలుసు. వెనక నుంచి సానియా మణికట్టు తిరుగుతుంది. బంతి ఇద్దరు రష్యన్ల మధ్య నుంచి పోతుంది. 3-5. 4-5. 5-5. ఆట ఆపారు, చీకటి పడుతోంది. పైకప్పు మెల్లగా మూసుకుంటోంది, దీపాలు వెలిగాయి. ఆట ఆగిన ఈ కాసేపు ఊపు మీదున్నవాళ్లకే చెడ్డది అనుకుంటాం. మళ్లీ మొదలైంది. 6-5. 7-5. వరసగా ఐదు గేమ్‌లు! సానియా రెండు చేతులూ పైకెత్తింది. భారత మహిళ ఎవరూ అంతకుముందు గ్రాండ్‌స్లామ్ మహిళల డబుల్స్ గెలవలేదు. పన్నెండేళ్ల కిందట ఇదే వింబుల్డన్‌లో బాలికల డబుల్స్ గెలిచిన పిల్ల ఈమే.

అక్కడి నుంచి యూఎస్ ఓపెన్, ఆస్ట్రేలియన్ ఓపెన్, వరసగా 41 మ్యాచ్‌లలో గెలుపు, మొత్తం 91 వారాలు అగ్రస్థానం. 2018లో కొడుకు పుట్టాడు. 2020 జనవరిలో మళ్లీ దిగి హోబర్ట్‌లో ఆడిన మొదటి టోర్నీయే గెలిచింది.

2023 ఫిబ్రవరి 21, దుబాయ్. జోడీ మాడిసన్ కీస్. 4-6, 0-6, మొదటి రౌండ్‌లోనే. సానియా వృత్తి జీవితంలో చివరి స్కోరు అది. ఆ రోజుకి డబుల్స్ టైటిళ్లు 43, అందులో మిక్స్‌డ్ టైటిళ్లు కలపలేదు. సింగిల్స్‌లో మాత్రం 2005లో ఆమె అడుగుపెట్టిన టాప్ 100లోకి ఆ రోజు దాకా మరో భారత మహిళ రాలేదు.