ఫోను, కంప్యూటరు కెమెరాలు పనిచేయకపోవుట (దిగువ కృష్ణా డెల్టా)

ఫోను, కంప్యూటరు కెమెరాలు పనిచేయకపోవుట అనగా సెల్‌ఫోను, ల్యాప్‌టాప్, డెస్క్‌టాప్ కంప్యూటరులకు అమర్చిన కెమెరా నల్లని తెరను మాత్రమే చూపుట, మసకగా చూపుట, లేదా కెమెరాయే లేదని యంత్రము తెలియజేయుట. ఇందులో చాలా భాగము అమరికల వలన వచ్చే లోపములు. ఇవి ఇంటివద్దనే ఖర్చు లేకుండా సరిచేసుకొనదగినవి. మిగిలినవి తేమ, ఉప్పు, వేడి, అదురు వలన లోపలి భాగములు చెడిపోవుట చేత వస్తాయి. కృష్ణా జిల్లాలోని మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతములు సముద్రమునకు, కాలువలకు, చేపల చెరువులకు దగ్గరగా ఉన్నందున ఈ రెండవ రకము లోపములపై ఇక్కడివారు ఎక్కువ శ్రద్ధ వహించవలసి ఉన్నది.

ప్రాముఖ్యత

ఒకప్పుడు ఫోనులోని కెమెరా వినోద వస్తువు మాత్రమే. జపానులో 1999లో క్యోసెరా సంస్థ, 2000లో షార్ప్ సంస్థ కెమెరా గల సెల్‌ఫోనులను విడుదల చేసినప్పుడు వాటిని ఆటవస్తువులుగానే చూశారు. కంప్యూటరు కెమెరా పుట్టుక మరింత విచిత్రము. 1991లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు కంప్యూటరు ప్రయోగశాలలో కాఫీ కూజా నిండినదో లేదో కుర్చీలోనుండి లేవకుండా తెలుసుకొనుటకు అమర్చిన కెమెరాను మొదటి వెబ్ కెమెరాగా చెబుతారు. అది 2001 వరకు పనిచేసినది.

నేడు కెమెరా చెడితే ఆగిపోయే పనులు వేరు. పింఛనుదారులు సమర్పించే జీవన ప్రమాణ పత్రమును కేంద్ర ప్రభుత్వము 2014 నవంబరులో డిజిటల్ రూపములో ప్రవేశపెట్టినది. 2021 నవంబరు నుండి వేలిముద్రకు బదులు ముఖమును ఫోను కెమెరాకు చూపి కూడా దానిని పొందవచ్చును. ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము 2022 ఆగస్టులో ఉపాధ్యాయుల హాజరును ముఖ గుర్తింపు యాప్ ద్వారా నమోదు చేయు పద్ధతిని తెచ్చినది. సొంత ఫోనులలో ఆ యాప్ వేసుకొనుటకు ఉపాధ్యాయ సంఘములు అభ్యంతరము తెలిపాయి. ఉపాధి హామీ పనులలో కూలీల హాజరుకు ఫోనుతో రోజుకు రెండుమార్లు ఫొటో తీయుట 2023 జనవరి 1 నుండి తప్పనిసరి చేయబడినది. ఇటువంటి చోట్ల మేటు చేతిలోని ఫోను కెమెరా మొరాయిస్తే చిక్కులో పడేది గట్టు మీద నిలబడిన కూలీ. కనుక ఈ విషయము యంత్రములపై ఆసక్తి గలవారికి మాత్రమే సంబంధించినది కాదు.

మొదట చేయవలసిన పరీక్షలు

లోపము అమరికలలో ఉన్నదా, భాగములలో ఉన్నదా అని తేల్చుకొనుట మొదటి పని. మరమ్మతు దుకాణమునకు వెళ్ళుటకు ముందు ఈ తేడా తెలిస్తే అనవసరపు ఖర్చు తప్పుతుంది.

ముందుగా కటకమును మెత్తని పొడి గుడ్డతో తుడవవలెను. ఇది చెప్పనవసరము లేనంత చిన్న విషయముగా కనిపించును గాని, మసక ఫొటోలలో చాలావాటికి వేలిజిడ్డు, చెమట, తడి గాలి మోసుకొచ్చిన ఉప్పుపొర కారణములు. కొత్త ఫోనుపై అంటించి వచ్చిన పలుచని కాగితమును తీయకుండా వాడుతున్నవారు కూడా కలరు.

తరువాత వెనుక కెమెరా నుండి ముందు కెమెరాకు మార్చి చూడవలెను. ఒకటి పనిచేసి రెండవది పనిచేయకపోతే ఆ రెండవ కెమెరా భాగమే చెడినదని అనుమానించవచ్చును. రెండూ పనిచేయకపోతే లోపము సాధారణముగా సాఫ్ట్‌వేరులో ఉంటుంది. ఫోనులోని టార్చి లైటు వేసి చూచుట మరొక సులువైన పరీక్ష. అనేక ఆండ్రాయిడ్ ఫోనులలో టార్చి, కెమెరా ఒకే సాఫ్ట్‌వేరు సేవపై ఆధారపడతాయి. టార్చి కూడా వెలగక, ఏదో యాప్ కెమెరాను వాడుతున్నదని ఫోను చెబితే, దానిని ఒకసారి పూర్తిగా ఆపి తిరిగి వెలిగించిన చాలును.

ఒక్క యాప్‌లో మాత్రమే కెమెరా రాకపోతే అది అనుమతి సమస్య. సెట్టింగ్స్‌లో యాప్స్ అను భాగమునకు వెళ్ళి, ఆ యాప్ పేరు తాకి, కెమెరా అనుమతిని ఇవ్వవలెను. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుండి, తెరను పైనుండి కిందికి లాగినప్పుడు కనిపించు బొత్తాములలో కెమెరాను మొత్తముగా మూసివేయు బొత్తాము ఒకటి చేర్చబడినది. పిల్లలు ఆడుకొనునప్పుడు అది నొక్కబడితే ఏ యాప్‌లోను బొమ్మ రాదు, కారణము కూడా త్వరగా తోచదు. కెమెరా వాడుకలో ఉన్నప్పుడు తెర మూలన పచ్చని చుక్క కనిపిస్తుంది. ఐఫోనులలో ఈ చుక్క 2020 నుండి కలదు. ఏ పని చేయకుండా ఆ చుక్క వెలుగుతుంటే, మరేదో యాప్ కెమెరాను పట్టుకొని ఉన్నదని గ్రహించవలెను.

కెమెరా యాప్‌లోని క్యాషే తుడిచివేయుట, ఫోనులో ఖాళీ చోటు ఉన్నదో లేదో చూచుట, సేఫ్ మోడ్‌లో వెలిగించి చూచుట తరువాతి మెట్లు. సేఫ్ మోడ్‌లో కెమెరా పనిచేస్తే కొత్తగా వేసుకొన్న యాప్‌లలో ఒకటి అడ్డుపడుచున్నదని అర్థము. ఫ్యాక్టరీ రీసెట్ చేయుట ఆఖరి ఉపాయము. ఫొటోలు, ఫోను నంబర్లు వేరేచోట భద్రపరచకుండా దానికి పూనుకొనరాదు.

కంప్యూటరు కెమెరాలు

ల్యాప్‌టాప్‌లలో సాధారణమైన కారణము కెమెరాకు మూత ఉండుట. కొన్ని ల్యాప్‌టాప్‌లకు కెమెరాపై జరిపే చిన్న తలుపు, మరికొన్నింటికి కీబోర్డుపై కెమెరా గుర్తు గల మీట ఉంటాయి. గూఢచర్యమునకు భయపడి కెమెరాపై ఏదో ఒకటి అంటించుట 2016 ప్రాంతమున లోకమంతటా వ్యాపించినది. తెలుగు ఇండ్లలో ఆ పనికి స్టిక్కరు బొట్టు చక్కగా సరిపోయినది. బొట్టు తీసిన తరువాత మిగిలిన జిగురు వలన బొమ్మ పొగమంచులో ఉన్నట్లు కనబడుతుంది. దళసరి మూతలు అంటించి ల్యాప్‌టాప్‌ను మూస్తే తెర పగలవచ్చునని ఆపిల్ సంస్థ 2020లో హెచ్చరించినది. ఆ విషయములో బొట్టే మేలు.

విండోస్ వాడువారు సెట్టింగ్స్‌లోని ప్రైవసీ విభాగములో కెమెరా అనుమతిని, బ్రౌజరు ద్వారా వాడునప్పుడు చిరునామా పట్టీ ప్రక్కనున్న గుర్తును నొక్కి ఆ వెబ్‌సైటుకు ఇచ్చిన అనుమతిని చూడవలెను. ఈ రెండు తాళములు వేరువేరు. ఒకటి తీసినంత మాత్రమున రెండవది రాదు. ఒక కార్యక్రమము కెమెరాను వాడుచున్నప్పుడు సాధారణముగా మరొకదానికి అది దొరకదు కనుక మిగిలినవాటిని మూసివేయవలెను.

డివైస్ మేనేజరులో కెమెరా పేరు ఉండి పనిచేయకపోతే డ్రైవరును తీసివేసి కంప్యూటరును తిరిగి ప్రారంభించవలెను. పేరే లేకపోతే తీగ తెగి ఉండవచ్చును. ల్యాప్‌టాప్ కెమెరా తీగ తెర మడత బందు గుండా పోతుంది. పదే పదే మూసి తెరచుట వలన అది నలుగుతుంది. తెరను ముందుకు వెనుకకు కదిపినప్పుడు బొమ్మ వచ్చి పోవుచుంటే కారణము ఇదే. విడిగా తగిలించు వెబ్ కెమెరాను మరొక యు.యస్.బి. రంధ్రములో, వీలైతే మరొక కంప్యూటరుకు పెట్టి చూడవలెను.

తప్పు అన్నివేళలా వాడుకరిది కాదు. 2016 ఆగస్టులో విడుదలైన విండోస్ 10 నవీకరణ తరువాత ప్రపంచవ్యాప్తముగా అనేక వెబ్ కెమెరాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ సంస్థ కెమెరా నుండి బొమ్మను స్వీకరించు పద్ధతిని మార్చుటయే దానికి కారణము.

తేమ, ఉప్పు, వేడి

దిగువ డెల్టాలో కెమెరాకు ప్రధాన శత్రువు గాలిలోని తేమ. వేడి 32 డిగ్రీలు, తేమ 80 శాతము ఉన్న గాలిలో సుమారు 28 డిగ్రీలకు తక్కువ చల్లదనము గల ఏ వస్తువుపైనైనా ఆవిరి నీరుగా మారి కూర్చుంటుంది. ఏసీ గదిలో 24 డిగ్రీల వద్ద ఉన్న ఫోనును బయటకు తెచ్చిన వెంటనే కటకము మసకబారుట ఈ కారణము చేతనే. పైపొర అయితే పది పదిహేను నిమిషములలో ఆరిపోతుంది. పొర అద్దమునకు లోపలివైపు ఉంటే ఫోను అతుకులు వదులైనవని తెలుసుకొనవలెను. లోపలికి చేరిన తేమ ఆరకుండా ఉంటే కొంతకాలమునకు కటకముపై సాలెగూడు వంటి బూజు పడుతుంది. పెద్ద కెమెరాలు వాడే ఫొటో స్టూడియోలవారు వాటిని సిలికా జెల్ పొట్లములతో గట్టి మూత డబ్బాలలో ఉంచుట ఇందుకే.

ఈ విద్యకు మచిలీపట్నములో స్థానిక చరిత్ర కూడా ఉన్నది. ఇక్కడి ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ స్వాధీనము చేసుకొనగా, ఆ కర్మాగారము సైన్యమునకు చీకటిలో చూచు పరికరములు తయారు చేయు కేంద్రమైనది. అటువంటి సైనిక పరికరముల లోపలి గాలిని తొలగించి పొడి నత్రజనితో నింపి మూసివేయుట వాడుక. లోపల తేమ లేనందున కటకము మసకబారదు. సెల్‌ఫోనుకు ఆ భాగ్యము లేదు.

నీటిలో పడిన ఫోను విషయములో ఏ నీరు అన్నది ముఖ్యము. మంచినీరు ఆరిపోతే ఫోను బ్రతుకుటకు అవకాశము ఎక్కువ. మంగినపూడి, హంసలదీవి తీరములలో సముద్రపు నీరు గాని, నాగాయలంక, కోడూరు ప్రాంతముల రొయ్యల చెరువులలోని ఉప్పునీరు గాని తగిలితే, ఆరిన తరువాత కూడా ఉప్పు మిగిలి, గాలిలోని తేమను మరల పీల్చుకొని, కెమెరా కనెక్టరులోని సన్నని లోహపు కాళ్ళను తినివేస్తుంది. అందువలన ఆనాడు పనిచేసిన ఫోను వారము తరువాత ఆగిపోవుట కలదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద విడుదలై దివిసీమ లంక గ్రామములు మునిగినప్పటి నీరు మరొక రకము. అది ఉప్పు కాదు, ఒండ్రు. ఎండిన ఒండ్రును గుడ్డతో రుద్దితే కటకముపై గీతలు పడతాయి.

తడిసిన ఫోనును వెంటనే ఆపివేయవలెను. ఛార్జింగు పెట్టరాదు, వేడి గాలి కొట్టరాదు. బియ్యపు డబ్బాలో పెట్టుట వరి పండే ఈ సీమలో అందరికీ తోచే ఉపాయమే గాని, బియ్యము ఫోను లోపలి నీటిని లాగలేదు. పైగా దాని పొడి, నూక రంధ్రములలో చేరుతుంది. అట్లు చేయవద్దని ఆపిల్ సంస్థ కూడా తన సూచనలలో పేర్కొన్నది. గాలి తగులు చోట నీడలో ఉంచి, ఉప్పునీరైతే వీలైనంత త్వరగా, ఫోను పనిచేయుచున్నను సరే, విప్పి శుభ్రము చేయించుట ఉత్తమము.

రోహిణి కార్తెలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుట సాధారణము. అధిక వేడిమిలో ఫోను తనను తాను కాపాడుకొనుటకు ఫ్లాష్‌ను, కొన్నిసార్లు కెమెరాను నిలిపివేస్తుంది. ఐఫోనులను 35 డిగ్రీల వరకే వాడదగునని తయారీదారు సూచన. ఇది చెడిపోవుట కాదు. నీడలో చల్లబడిన తరువాత తిరిగి పనిచేస్తుంది. చల్లబరచుటకు ఫ్రిజ్‌లో పెడితే పైన చెప్పిన ఆవిరి లోపలనే పడుతుంది.

అదురు, అయస్కాంతము, లేజరు

చేయి వణికినను బొమ్మ చెదరకుండా కొన్ని ఫోనులలో కటకమును కదిలించు సూక్ష్మ యంత్రము ఉంటుంది. మోటారు సైకిలు హ్యాండిలుకు బిగించిన ఫోనులో ఇది దెబ్బతినవచ్చునని ఆపిల్ సంస్థ 2021 సెప్టెంబరులో హెచ్చరించినది. బొమ్మ వణుకుట, కెమెరా తెరచినప్పుడు టకటక శబ్దము వచ్చుట దీని లక్షణములు. అయస్కాంతపు పౌచ్ తొలగించి చూడవలెను. అయినను తగ్గకపోతే భాగము మార్చవలసినదే. ఊరేగింపులలో వాడే లేజరు దీపముల కిరణము నేరుగా కటకములో పడితే సెన్సరుపై శాశ్వతముగా రంగు గీతలు, చుక్కలు ఏర్పడతాయి. వాటికి చికిత్స లేదు.

ముఖ గుర్తింపు విఫలమైనప్పుడు

కెమెరా బాగున్నను ముఖము గుర్తించబడకపోవచ్చును. వెనుకనుండి వెలుతురు పడుట ఇందుకు ముఖ్య కారణము. వీధి గుమ్మమునకు వీపు పెట్టి కూర్చొనక, గుమ్మము వైపు ముఖము పెట్టి కూర్చొనవలెను. యాప్ కోరినప్పుడు కనురెప్పలు ఆర్పవలెను. అందువలన కంటి శస్త్రచికిత్స జరిగి కట్టు ఉన్న వృద్ధులు కొన్నాళ్ళు ఆగుట మంచిది. పింఛనుదారు తన ఫోనునే వాడవలెనను నియమము లేదు. కొడుకు ఫోనైనను, పొరుగింటివారి ఫోనైనను పనికివస్తుంది. ఏదీ కుదరనప్పుడు వేలిముద్రతోనో, బ్యాంకులో కాగితముపైనో పత్రము ఇవ్వవచ్చును. 2020 నవంబరు నుండి పోస్ట్‌మాను ఇంటికే వచ్చి ఈ పని చేయు ఏర్పాటు కూడా కలదు. 80 సంవత్సరములు దాటిన కేంద్ర పింఛనుదారులు అక్టోబరు 1 నుండే పత్రము ఇవ్వవచ్చును గనుక నవంబరు రద్దీలో కెమెరాతో తంటాలు పడనవసరము లేదు.

మరమ్మతు

ఫోను కెమెరా విడి భాగము. సన్నని పట్టీ తీగతో బోర్డుకు తగిలించబడి ఉంటుంది. ఫోను కింద పడినప్పుడు ఈ తగులు ఊడితే, తిరిగి నొక్కిన సరిపోతుంది. కెమెరా మార్చవలసినదని దుకాణదారుడు చెప్పినప్పుడు ముందు తగులు చూడమని అడుగుట న్యాయమే. మార్చిన భాగము అసలుదా కాదా అన్నది ఐఫోను 12, ఆ తరువాతి ఫోనులలో సెట్టింగ్స్‌లోనే కనిపిస్తుంది. మిగిలినవాటిలో పాత భాగమును తిరిగి అడిగి తీసుకొనుట ఒక జాగ్రత్త. ఫోనును దుకాణములో వదలి వచ్చునప్పుడు సిమ్ కార్డును, మెమరీ కార్డును తీసి దగ్గర ఉంచుకొనవలెను. కెమెరాను పరీక్షించుటకు తెర తాళము తీయవలసి వస్తే, యజమాని ఎదుట ఉండి తానే తీయుట మంచిది.